క్యాచ్ క్యాన్: మూసి పెట్టాలా, గాలికి వదలాలా?

టర్బో కారు కొన్న తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, క్యాచ్ క్యాన్ పెట్టించమంటావా? పెడితే ఏ రకం?" క్యాచ్ క్యాన్ అంటే ఇంజిన్ లోపలి ఆవిరితో కొట్టుకొచ్చే ఆయిల్‌ని పట్టే చిన్న డబ్బా. ఆయిల్ వదిలిన ఆవిరిని బయటి గాలిలోకి పంపేది ఒక రకం, తిరిగి ఇంజిన్‌లోకే పంపేది మూసిన రకం. మిషిగన్‌లో నా 2017 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి ఒక వేసవంతా గాలికి వదిలే రకం వాడాను. తర్వాత మూసిన రకానికి మారి రెండు చలికాలాలు గడిపాను. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నా.

చాలామంది క్యాన్ ఎంత పెద్దది, ధర ఎంత అని చూస్తారు. నాకు మాత్రం అసలు లెక్క వేరు. పిస్టన్ రింగులు దాటి క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ కింది భాగంలోకి) దిగిన ఆవిరిని బయటికి లాగేది ఏది? ఐడిల్‌లో, మామూలు క్రూజ్‌లో ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) లోపలి వాక్యూమ్ ఆ పని చేస్తుంది, ఆ ఆవిరి దారిలో ఉండే పీసీవీ వాల్వ్ తెరిచే ఉంటుంది. బూస్ట్ ఎక్కగానే, అంటే టర్బో గాలిని ఒత్తిడితో నెట్టగానే, మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరిగి ఆ వాల్వ్ మూసుకుంటుంది. అప్పుడు ఆవిరి బ్రీతర్ హోస్ అనే రెండో గొట్టం గుండా టర్బోకి ముందుండే గాలి గొట్టంలోకి చేరుతుంది, అక్కడ టర్బో పీల్పే దాన్ని లాక్కుంటుంది. ఆ దారిన వెళ్లిన ఆయిల్ ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) లోపల పూత కడుతుంది, మంటలో కలిసి నాక్‌కి, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలడానికి, దారితీస్తుంది. నాక్ సెన్సర్ వల్ల స్పార్క్ టైమింగ్ వెనక్కి జరిగితే, పవర్ కోసం డబ్బు పోసి చేయించిన ట్యూన్‌లో కొంత అక్కడే పోతుంది.

గాలికి వదిలే రకంలో రెండు హోసులూ క్యాన్‌లోకి తిప్పి, ఇంటేక్ వైపు రంధ్రాలు బిగించేసి, క్యాన్ మీద చిన్న ఫిల్టర్ పెడతారు. ఇంటేక్‌లోకి చుక్క ఆయిల్ రాదు. ట్రాక్ కారుకి ఇదే సరైనది. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ అపెండిక్స్ జే నియమాల్లో కూడా, బ్రీతర్ బయటికి తెరుచుకునే ఇంజిన్‌కి క్యాచ్ ట్యాంక్ తప్పనిసరి: 2000 సీసీ వరకు 2 లీటర్లు, ఆపైన 3 లీటర్లు. కానీ రేసు ఇంజిన్‌కి ఆయిల్ తరచూ మారుస్తారు. రోజూ ఆఫీసుకి వెళ్లే కారులో ఆవిరిని లాగే వాక్యూమ్ లేకపోతే నీళ్లు, పెట్రోల్ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజిన్‌తో చలిలో చిన్నచిన్న దూరాలు తిరిగేవాళ్లకి ఇది మరీ చేటు. పైగా వాసన. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వెంట్ల గుండా లోపలికి వచ్చేది. వెనక సీట్లో పాప ముక్కు మూసుకునేది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లయితే ఆలోచించనే అక్కర్లేదు, స్మాగ్ చెక్ అనే అక్కడి కాలుష్య పరీక్షలో కంటితో చూసే దశలోనే ఆపేస్తారు.

అందుకే నా ఓటు మూసిన రకానికి. ఆవిరి క్యాన్‌లోకి వచ్చి, ఆయిల్ దించుకుని, మళ్లీ ఇంటేక్‌లోకే వెళ్తుంది. లాగే శక్తి ఎక్కడికీ పోదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. చాలా కిట్లు పీసీవీ వైపు ఆవిరిని మాత్రమే పట్టుకుంటాయి. బూస్ట్ మీద నడిపేవాళ్లకి ఆయిల్ ఎక్కువగా పోయేది బ్రీతర్ వైపు. రెండు వైపులా పట్టని కిట్ ఈ కార్లకి సగం పనే. లోపల జాలీ, అడ్డు పలకలు లేని ఖాళీ డబ్బాలు దండగ. ఆవిరి ఇటునుంచి వచ్చి అటునుంచి పోతుంది.

దీనికీ ఒక గండం ఉంది, అది చలి. మొదటి జనవరిలో క్యాన్ విప్పితే పాలెక్కువైన కాఫీ రంగులో చిక్కటి ద్రవం, పెట్రోల్ వాసన. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందేమోనని గుండె ఆగినంత పనైంది. కూలెంట్ మట్టం చూస్తే చుక్క తగ్గలేదు. అది ఆవిరిలోని నీళ్లు ఆయిల్‌తో కలిసిన ముద్ద, అంతే. రెండు వారాలకి, సున్నాకి 20 డిగ్రీలు దిగువన ఉన్న ఓ పొద్దున, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టం నుంచి అంగుళం పైకి లేచి కనిపించింది. హోస్‌లో మంచు గడ్డకట్టి దారి మూసుకుపోయి, ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగింది. ఆ ఒత్తిడి ఇంకాస్త నిలిచుంటే వెనక ఆయిల్ సీల్ పోయేది. ఆ వారమే క్యాన్‌ని గ్రిల్ పక్కనుంచి తీసి, ఇంజిన్ వేడి తగిలేలా ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర బిగించాను.

కూలెంట్‌తో వేడిచేసి, ఆయిల్‌ని తిరిగి ఇంజిన్ అడుగున ఉండే సంప్‌లోకే పంపే సెపరేటర్లూ ఉన్నాయి. ఖాళీ చేసే పని లేదు, గడ్డకట్టే భయం తక్కువ. ఖరీదెక్కువ, పెట్రోల్ కూడా ఆయిల్‌తో పాటు వెనక్కి పోతుంది. నాకు నచ్చలేదు.

అసలు పెట్టకపోతే? కంపెనీ ఇచ్చిన స్టాక్ ట్యూన్‌తో నెమ్మదిగా నడిపేవాళ్లకి నష్టమేం లేదు. సుబారు వాళ్ల పాత ఎస్‌టీఐలోని 2.5 లీటర్ల ఈజే ఇంజిన్ పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ వాల్వుల వెనక చిమ్మేది) కాబట్టి పెట్రోలే ఇంటేక్ వాల్వుల్ని కడుగుతుంది. అక్కడ క్యాన్ అవసరం నాక్ కోసమే, వాల్వుల మీద పేరుకునే కార్బన్ కోసం కాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో కూడా క్యాన్ కార్బన్‌ని తగ్గించగలదు గానీ ఆపలేదు. వాల్వ్ సీల్స్ నుంచి దిగే ఆయిల్ క్యాన్‌కి చిక్కదు కదా, వాల్‌నట్ పెంకుల పొడితో శుభ్రం చేయించే ఖర్చు ఏదో ఒకరోజు తప్పదు. హైదరాబాద్‌లో స్టాక్ పోలో జీటీ టీఎస్‌ఐ నడిపే తమ్ముళ్లు ఆ డబ్బుతో ఆయిల్ త్వరగా మార్పించుకోండి. మూసిన క్యాన్‌తో కూడా వారంటీ పేచీ రావచ్చు.

పెట్టించాలని తేల్చుకున్నవాళ్లు ఖాళీ చేసే తేదీ ముందే రాసి పెట్టుకోండి. నేను వేసవిలో ఆయిల్ మార్చినప్పుడు, చలికాలంలో రెండు ఫుల్ ట్యాంకులకోసారి తీస్తాను. తీసింది ఎప్పుడూ ఇంజిన్‌లో తిరిగి పోయకండి, పాత ఆయిల్ డబ్బాలోనే వేయండి.