హాంబుల్ ఒడ్డున మాస్ట్ బిగించే షాపు: చేతిపని సూపర్, ఫోన్ మాత్రం ఎత్తరు

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో తెరచాప పడవల పిచ్చి ఉన్నవాళ్ళు కొద్దిమందే, అయినా ఒక్కరికి పనికొచ్చినా చాలని రాస్తున్నా. నేనూ మా ఫ్రెండూ కలిసి కొన్న పాత వెస్టర్లీ సెంటార్ పడవకి మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) దించి, దాన్ని పట్టి ఉంచే తీగలన్నీ మార్పించి, మళ్ళీ నిలబెట్టించుకున్నాం. పని చేసింది హాంబుల్ నది ఒడ్డున ఇద్దరే నడుపుకునే చిన్న రిగ్గింగ్ షాపు, అంటే మాస్టూ దాని తీగలూ బిగించే షాపు. కింద కొంచెం తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను.

సెంటార్ అంటే 26 అడుగుల పడవ, అడుగున రెండు కీల్స్ (కిందికి దిగి ఉండే బరువైన రెక్కలు) ఉంటాయి కాబట్టి పోటు తగ్గి నీళ్ళు పోయినా బురదలో నిటారుగా కూర్చుంటుంది. 1969 నుంచి 1980 దాకా 2,400కు పైగా కట్టారు, అందుకే ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది. చవక పడవకే, తీగలకు కాదు. పైగా ఇక్కడి బీమా కంపెనీలు చాలావరకు పదేళ్ళు దాటిన తీగలంటే ప్రశ్నలు మొదలుపెడతాయి.

కొటేషన్లు అడిగితే మిగతావాళ్ళంతా పడవ వదిలి వెళ్ళండి, అయ్యాక చెప్తాం అన్నారు. వీళ్ళు మాత్రం "మీరొచ్చి చెయ్యి వేస్తారా? వేస్తే కూలి గంటలు తగ్గిస్తాం" అన్నారు. నాకు నచ్చింది అదే. హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న ఒంటి మనిషి పడవ మీద సెయిలింగ్ నేర్చుకున్న నాకు రిగ్గింగ్ అంటే రెండు ముక్కల మాస్ట్ ఒకదాంట్లో ఒకటి దోపి పడవ కన్నంలో దించడమే, దానికసలు తీగలే ఉండవు. ఇక్కడ ముందొకటి, వెనకొకటి, ఇటు మూడు, అటు మూడు. ఏది ఊడితే ఏమవుతుందో తెలియకుండా సముద్రం మీదికి వెళ్ళడం నా వల్ల కాదు.

మొదట పాత తీగలన్నీ నేల మీద పరిచి, కొత్తవి చెయ్యకముందే ఒక్కొక్కటీ చూపించారు. తీగ కొనను స్టీలు గొట్టంలో పెట్టి మెషీన్‌తో నొక్కేస్తారు, దాన్నే స్వేజ్ అంటారు. వాననీళ్ళు, ఉప్పు తీగ వెంట జారుతూ వచ్చి డెక్ దగ్గరి స్వేజ్‌లోకే దిగుతాయి, అందుకే పైకొనల కంటే కిందికొనలు ముందు పోతాయి. మా పడవకు ఎడమవైపు ఒకదాంట్లో వెంట్రుకవాసి పగులు ఉంది, భూతద్దం పెడితే గానీ కనపడలేదు. ఇది చూపించకుండా బిల్లు చేతిలో పెట్టి ఉంటే, ఊరికే డబ్బు గుంజుతున్నారనే అనుకునేవాణ్ణి.

కొత్తవి 19 పోగులు పేనిన 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తీగలు. మాస్ట్ స్టాండ్ల మీద పడుకుని ఉండగానే కొనలో లైటు, రేడియో యాంటెన్నా కేబుల్ మార్చాం. ఇక్కడో చిట్కా నేర్పారు. కేబుల్ చుట్టూ ఒక్కోచోట మూడేసి జిప్ టైలు మూడు దిక్కులకీ తోకలు వచ్చేలా బిగించి, ఆ తోకలు కత్తిరించకుండా అలాగే మాస్ట్ లోపలికి లాగితే, కేబుల్ గోడకి తగలకుండా మధ్యలో నిలుస్తుంది. రాత్రి లంగరు వేసి పడుకున్నప్పుడు తలమీద టకటక చప్పుడు విన్నవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

క్రేన్ రోజు గాలి ఎక్కువైందని వాయిదా వేశారు, అది తప్పు పట్టను. మళ్ళీ పిలిచాక స్లింగ్‌ని (ఎత్తడానికి కట్టే పట్టీని) స్ప్రెడర్ల కింద, అంటే మాస్ట్‌కి అడ్డంగా ఉండే కర్రల కింద కట్టి లేపారు, అడుగు కొనని డెక్ మీది సాకెట్లోకి నడిపించే పని నాకిచ్చారు. టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. మాస్ట్ కింద నాణెం పెట్టడం ఇక్కడి ఆచారం, మేం రూపాయి బిళ్ళ పెడతామంటే షాపు ఇద్దరిలో పెద్దాయన నవ్వి, స్టీలూ అల్యూమినియమూ ఉప్పునీళ్ళలో పక్కపక్కన ఉంటే అల్యూమినియం తినేసిపోతుందని ప్లాస్టిక్‌లో చుట్టించాడు. పక్క తీగలు, ముందుది, వెనకది అన్నిటికీ పిన్నులు పడేదాకా క్రేన్ కొక్కెం వదలనివ్వలేదు.

అసలు పనితనం తీగలు బిగించడంలో చూశాను. పెద్ద తెరచాపని పైకి లేపే మెయిన్ హాల్యార్డ్ తాడుని కుడి పక్కకీ ఎడమ పక్కకీ లాగి కొలిచి మాస్ట్ నిటారుగా ఉందని తేల్చుకున్నాక, బాటిల్ స్క్రూలు (తీగల కింది కొనల్లో బిగువు సరిచేసే మరలు) రెండు వైపులా సమానంగా తిప్పుతూ పోయారు. ఎంత బిగువు చాలో తెలుసుకోవడానికి ఖరీదైన మీటరేమీ అక్కర్లేదట. వదులుగా ఉన్నప్పుడు తీగ మీద రెండు మీటర్లు గుర్తు పెట్టుకుని, బిగించేకొద్దీ ఆ పొడవు ఎంత సాగిందో చూడాలి. ఈ రకం తీగకి ఒక్కో మిల్లీమీటరు సాగితే అది తెగే బరువులో 5 శాతం బిగువు వచ్చినట్టు. మావి 3 మిల్లీమీటర్లు, అంటే 15 శాతం దాకా తెచ్చారు. ఆ మరలు ఊడిపోకుండా పెట్టే స్ప్లిట్ పిన్నుల కాళ్ళు వీణ తీగలా చుట్టేయకుండా కొంచెమే విప్పి, టేపు చుట్టారు. అవసరమైతే చీకట్లో కూడా పీకగలగాలి కదా.

ఇక తిట్లు. కొత్త తీగలు మొదట్లో కాస్త సర్దుకుంటాయి, ఒకసారి గాలికి నడిపి వచ్చాక మళ్ళీ చూసి బిగిస్తాం, అది రేటులోనే ఉంది అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తితే ఒట్టు. చివరికి నేనే షాపు గుమ్మంలో నిలబడితే వచ్చి, అరగంటలో చక్కగా చేసి వెళ్ళారు. బీమాకి కావాల్సిన రిపోర్టు కూడా అంతే, అడిగి అడిగి తెచ్చుకున్నాం. బిల్లులో "ఇతర సామగ్రి" అని ఒక లైను ఉంది, అదేంటంటే చూపించారు గానీ అడక్కముందే రాసి ఉండాల్సింది.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. తాళం చెవి ఇచ్చేసి పడవ రెడీ అయ్యాక వస్తా అనుకునేవాళ్ళకి ఈ షాపు పడదు, పెద్ద షాపుల దగ్గరికే వెళ్ళండి. తన పడవకి తనే చెయ్యి వెయ్యాలనుకునేవాళ్ళు మాత్రం పడవలు నీళ్ళలోంచి తీసే అక్టోబరు, నవంబరులోనే మాట్లాడుకోండి, మార్చి వచ్చేసరికి ఊరంతా వాళ్ళ గుమ్మంలోనే ఉంటుంది. క్రేన్ అద్దె బోట్‌యార్డ్‌కి విడిగా కట్టాలి, కొటేషన్లో అది ఉండదు.