కువాలా సెలంగోర్: మిణుగురుల నది ఒడ్డున ఒక రాత్రి ఉండి చూడండి

కౌలాలంపూర్ వెళ్లే మనవాళ్లు జంట టవర్లు, బటు గుహలు, గెంటింగ్ కొండ తప్పకుండా చూస్తారు. కువాలా సెలంగోర్ మాత్రం చాలామందికి ఒక సాయంత్రం ప్యాకేజీ. మధ్యాహ్నం వ్యాన్ ఎక్కిస్తారు, కొండ మీద కోతుల్ని చూపిస్తారు, చేపల భోజనం పెట్టిస్తారు, చీకటి పడ్డాక పడవ ఎక్కించి మిణుగురుల్ని చూపించి అర్ధరాత్రిలోపు హోటల్ దగ్గర దించేస్తారు. నగరానికి వాయవ్యంగా డెబ్బై కిలోమీటర్లలోపే, గంటా గంటంపావు దారి కాబట్టి అలా కుదురుతుంది. మేం అలా కాకుండా అక్కడే బస చేశాం, మోకాళ్ల నొప్పులున్న అమ్మతో సహా. ఆ జిల్లాలో అడవి, తోట, నది, సముద్రం ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడి ఉన్నాయో పగలు తిరిగితేనే తెలిసింది.

ముందు తేదీ సంగతి. టికెట్లు కొనేముందు పంచాంగం చూసుకోండి. ఇక్కడి సముద్రంలో స్కై మిర్రర్ అని పిలిచే ఇసుక మేట ఒకటుంది. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర రోజుల్లో పెద్ద పాటు వచ్చి సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడే అది బయటపడుతుంది. మిణుగురులు ఏ రాత్రయినా వెలుగుతాయి కానీ వెన్నెల ఉంటే ఆ వెలుగు వెలవెలబోతుంది. అమావాస్యకు ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా వెళ్తే రెండూ దక్కుతాయి. శని, ఆదివారాలు మాత్రం వద్దు. కౌలాలంపూర్ సగం అక్కడే ఉంటుంది.

మిణుగురుల కోసం ఎక్కువమంది వెళ్లేది కంపుంగ్ క్వాంతాన్‌కు. ఊరికి కాస్త లోపలగా సెలంగోర్ నది ఒడ్డున ఉన్న పల్లె అది. నలుగురు పట్టే చిన్న చెక్క పడవల్ని పల్లెవాళ్లే తెడ్డు వేసి నడుపుతారు. లైఫ్ జాకెట్లు ఇస్తారు. అక్కడ సూర్యాస్తమయమే ఏడు దాటాక, కాబట్టి ఎనిమిదికి ముందు వెళ్లి లాభం లేదు. మా పడవ నడిపిన పెద్దాయన్ని అందరూ పిలిచినట్టే మేమూ ‘పాక్‌చిక్’ అన్నాం, అంటే బాబాయ్ అన్నట్టు. ఫోన్లు లోపల పెట్టేయమని ముందే సైగ చేశాడు. ఫ్లాష్ కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా.

ఒడ్డున నీటి మీదకి వంగిన బెరెంబాంగ్ అనే మడ చెట్లు ఉంటాయి. ఈ పురుగులు ఆ చెట్లనే కోరుకుంటాయి. వడ్లగింజంత పురుగులు వేలకొద్దీ ఒకే చెట్టు మీద చేరి, మగవన్నీ ఒకే లయలో సెకనుకు మూడుసార్లు దాకా వెలిగి ఆరుతుంటాయి. ఒక కొమ్మ ముందు, ఒక కొమ్మ వెనక కాదు, చెట్టంతా ఒక్కసారే. పాక్‌చిక్ తెడ్డు ఆపి పడవని కొమ్మల కిందకి జారనిచ్చాడు. అమ్మ అప్పటిదాకా దోమల గురించి మాట్లాడుతోంది, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

నది ఇంకో ఒడ్డున బుకిట్ బెలింబింగ్ దగ్గర బ్యాటరీతో నడిచే పెద్ద పడవలున్నాయి. చప్పుడు తక్కువ, ఎక్కడం దిగడం సులువు, పదిమందికి పైగా కలిసి వెళ్లొచ్చు. పెద్దవాళ్లకి, చంటిపిల్లలున్నవాళ్లకి అదే మేలు. కానీ ఎంచుకోగలిగితే తెడ్డు పడవకే నా ఓటు. చెట్టుకి చేరువగా తీసుకెళ్తుంది, డబ్బు నేరుగా పల్లెకి వెళ్తుంది. ఊరి జెట్టీ నుంచి మోటారు పడవల్లో డేగలకు మేత, మిణుగురులు, ‘నీలి కన్నీళ్లు’ అని పిలిచే, సముద్రంలో సూక్ష్మజీవుల వెలుగు అన్నీ కలిపి అమ్మే టూర్లూ ఉన్నాయి. ఇంజన్ మోత, అలల తాకిడి ఆ ఒడ్డుకి మంచివి కావు. నేనైతే వాటికి వెళ్లమని ఎవరికీ చెప్పను.

ఆ ఒడ్డు గురించి కొంచెం చెప్పాలి. మనం చూసే వెలుగు ఆ పురుగు జీవితంలో చివరి భాగం మాత్రమే. గుడ్లు పెట్టేది, పిల్ల పురుగులు చిన్న నత్తల్ని తిని పెరిగేది చెట్టు వెనక ఉన్న తడినేలలో, నిపా తాటి పొదల్లో. కాబట్టి నీటి అంచున నాలుగు బెరెంబాంగ్ చెట్లు మిగిల్చి, వెనక నేల చదును చేసి తోట వేస్తే కొన్నాళ్లకి ఆ చెట్లు చీకటిగానే ఉండిపోతాయి. చాలాచోట్ల పామాయిల్ తోట ఒడ్డు దాకా వచ్చేసింది కూడా. పైన కువాలా కుబు బహారు దగ్గర ఇదే నది మీద ఆనకట్ట కట్టి కౌలాలంపూర్ చుట్టుపక్కలకి తాగునీరు ఇస్తున్నారు. కిందకి వచ్చే మంచినీరు తగ్గితే ఉప్పునీరు ఇంకా పైకి ఎగదోస్తుంది, బెరెంబాంగ్ ఓ మోస్తరు ఉప్పుకే తట్టుకుంటుంది. ఒడ్డున చెట్లు కొట్టకుండా రాష్ట్ర ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. అవి గట్టిగా అమలు కావాలని అక్కడ పడవ ఎక్కిన ప్రతివాళ్లూ కోరుకుంటారు.

పామాయిల్‌ని తిట్టడానికి మనకి అంత తేలిక కాదు. మన వంటింట్లోకి వచ్చే నూనెలో ఎంతో భాగం మలేషియా, ఇండోనేషియాలదే. ఈ జిల్లాకి పామాయిల్ చరిత్రలో ప్రత్యేకమైన చోటుంది. మలేషియాలో వాణిజ్యపరంగా మొదటి పామాయిల్ తోట వేసింది ఇక్కడే, ఇప్పటి బెస్తారి జయ దగ్గర తెన్నమరం ఎస్టేట్‌లో, 1917లో. హెన్రీ ఫాకొనియే అనే ఫ్రెంచి తోటల యజమాని సుమత్రా నుంచి తెచ్చిన విత్తనాల్ని ముందు రంతావు పంజాంగ్‌లో వేసి చూశాడు. తర్వాత కాఫీ కలిసిరాని నేలలో పామాయిల్ పెట్టాడు. ఎస్టేట్ పేరులోనే తమిళ కొబ్బరిచెట్టు ఉంది, పనిచేసిన చేతులు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు. తమిళులే ఎక్కువ. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి వైపు నుంచి మలయా తోటలకి వచ్చిన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. బుకిట్ రోతాన్‌లో టీ కొట్టు నడిపే ఒకామె మా మాటలు విని “మీది ఏ ఊరమ్మా?” అని తెలుగులోనే అడిగింది. తాతగారిది విజయనగరం పక్క అని మాత్రం తెలుసట. మా అమ్మని “అత్తా” అంటూ టీ డబ్బులు తీసుకోలేదు.

ఏలూరు పక్కన పెదవేగి చుట్టూ, అశ్వారావుపేటలో తోటలున్న మన రైతులు ఈ జిల్లాకి వస్తే నాకంటే ఎక్కువ చూస్తారు. మన దగ్గర ఈ చెట్టు బోరు నీళ్లతో, డ్రిప్పుతో పెరగాలి. అక్కడ ఏడాది పొడవునా వాన. తోటల మధ్య మురుగు కాలువలు తవ్వి నీళ్లు బయటికి పంపడమే వాళ్ల తిప్పలు. గెలలు కోసే పని ఇప్పుడు ఎక్కువగా ఇండోనేషియా, బంగ్లాదేశ్, నేపాల్ నుంచి వచ్చినవాళ్లది. పాత ఎస్టేట్ కుటుంబాల పిల్లలు ఊళ్లలోకి, నగరంలోకి వెళ్లిపోయారు. నగరం వైపు అంచున ఉన్న పుంచాక్ ఆలంలోనైతే చెట్ల వరసల స్థానంలో ఇళ్ల వరసలు కనిపిస్తాయి.

బుకిట్ మెలావతి కొండకి ఒక పూట చాలు. సెలంగోర్ సుల్తాన్ ఇబ్రహీం కోటని 1784లో డచ్చివాళ్లు పట్టుకుని తమ గవర్నర్ జనరల్ ఆల్టింగ్ పేరు పెట్టుకున్నారు. మరుసటి ఏడే సుల్తాన్ పహాంగ్ సాయంతో వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు కోట కంటే ఫిరంగులు, 1907 నాటి లైట్‌హౌస్, మొదటి సుల్తాన్ల సమాధులు కనబడతాయి. జనానికి ఇష్టమైనవి మాత్రం వెండి రంగు ఆకు కోతులే. పిల్లలు నారింజ రంగులో పుడతాయి. భుజాలెక్కేస్తాయి కానీ నెమ్మది రకం. వాటి తిండి ఆకులే, గేటు దగ్గర అమ్మే వేరుశనక్కాయలు కొనొద్దు. రద్దీ రోజుల్లో పైకి ట్రామ్ మీద వెళ్లాలి, పెద్దవాళ్లకి అదే సుఖం.

కొండ కిందే ఉన్న ప్రకృతి పార్కుకి కొండ మీదకొచ్చే జనంలో పదోవంతు కూడా రారు. నాకు ఇది ఎక్కువ నచ్చింది. 1987లో మలేషియన్ నేచర్ సొసైటీ చొరవతో మొదలైంది. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలో గెంతే చేపలు, ఒంటి డెక్క ఊపే ఎర్ర పీతలు, కొంగలు. కాకినాడ పక్క కోరింగ చూసినవాళ్లకి వాసనతో సహా అన్నీ తెలిసినవే. ఇక్కడ సమాచారం రాసిన బోర్డులు పాతబడ్డాయి, కొన్ని చోట్ల చెక్కలు కదులుతున్నాయి. పొడుగు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి. పొద్దున ఎనిమిదిలోపు వెళ్లండి.

స్కై మిర్రర్‌కి జెరాం, ససారాన్ వైపు జెట్టీల నుంచి మోటారు పడవలు వెళ్తాయి. అరగంట దాకా ఎగిరెగిరి పడే ప్రయాణం. చీలమండ లోతు నీళ్లలో ఆకాశం కింద కూడా కనిపిస్తుంది, ఫొటోలు నిజంగానే అద్భుతంగా వస్తాయి. కానీ నీడ లేదు, మరుగుదొడ్డి లేదు, పోటు మొదలైతే వెంటనే వెనక్కి రావాలి. అమ్మ రాలేదు, రాకపోవడమే మంచిదైంది. బయల్దేరే వేళ పాటుని బట్టి రోజురోజుకీ మారుతుంది. బుక్ చేసేటప్పుడే ఆ వేళ ఖాయం చేసుకోండి, వాన వస్తే డబ్బు తిరిగిస్తారా అనీ అడగండి. మాకు టికెట్ అమ్మిన ఏజెంటు ఈ రెండో ప్రశ్నకి జవాబు దాటేశాడు. పడవ నడిపిన కుర్రాళ్లు మాత్రం ఎంతో జాగ్రత్తగా చూసుకున్నారు.

వంతెన అవతల పాసిర్ పెనంబాంగ్ చైనీయుల జాలరి పల్లె. రొయ్యలు, పీతలు, చేపల ఉండలు, ఎండుచేపలు. సముద్ర తిండి ఇష్టమైతే ఈ ఒక్క పూట కోసమే రావచ్చు. ధర కేజీ లెక్కన ఉంటుంది, వండకముందే తూకం వేయించి మొత్తం ఎంతవుతుందో అడగాలి. నది మీద గరుడ పక్షులు గుంపులుగా తిరుగుతాయి. పడవల్లోంచి కోడి తోలు, పేగులు విసిరి వాటిని కిందకి రప్పిస్తారు. రెస్టారెంటు మెట్ల మీద కూర్చుంటే మేత లేకుండానే అవి కనిపిస్తాయి. శాకాహారులకి ఊరి మధ్యలో అరిటాకు భోజనం, దోసెలు దొరికే తమిళ హోటళ్లున్నాయి. రాత్రి తొమ్మిది దాటితే కష్టం కాబట్టి మిణుగురులకి ముందే తినేయండి.

బసకి మూడు దారులు. ఊళ్లో చిన్న హోటళ్లు: గది శుభ్రం, చూడ్డానికి ఏమీ ఉండదు, తిండి దగ్గర. నది మీద కట్టిన చెక్క గదులు: రాత్రి అందం, పొద్దున్నే పక్షులు. కానీ మేం దిగినచోట ఏసీ రాత్రంతా మోగింది, కిటికీ జాలికి చిల్లులు, టిఫిన్ లేదు. అడిగితే కొత్త దుప్పట్లు వెంటనే ఇచ్చారు. మూడోది తంజుంగ్ కరాంగ్ వైపు హోమ్‌స్టేలు. మలేషియాలో హోమ్‌స్టే అంటే చాలాసార్లు ఇల్లంతా మనకే ఇచ్చేయడం. వంటిల్లు ఉంటుంది, ఇద్దరు ముగ్గురు కుటుంబాలకి చవక. మళ్లీ వెళ్తే నేను ఇదే తీసుకుంటాను. విదేశీయులకి గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను వేరుగా కట్టాలి, చాలామంది దీన్ని బుకింగ్ ధరలో చూపించరు.

రవాణా ఈ జిల్లా బలహీనత. కౌలాలంపూర్ నుంచి బస్సుంది కానీ ఊరికి చేర్చి వదిలేస్తుంది. నది, జెట్టీ, గుడి, పొలాలు అన్నీ దూరదూరంగా ఉంటాయి. గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి ట్యాక్సీ యాప్) పగలు దొరుకుతుంది, మిణుగురుల దగ్గర నుంచి రాత్రి తిరిగి రావడానికి దొరకడం అదృష్టం. కారు అద్దెకి తీసుకోవడమో, రోజంతటికీ డ్రైవర్‌ని మాట్లాడుకోవడమో చేయండి.

కారుంటే రెండు చోట్లు కలుస్తాయి. ఒకటి బుకిట్ రోతాన్‌లోని శ్రీ శక్తి దేవస్థానం. రాతి చెక్కడంతో కట్టిన పెద్ద అమ్మవారి గుడి. మనం అష్టాదశ పీఠాలకి అలవాటుపడ్డాం, ఇక్కడ 51 శక్తి రూపాల్ని కొలువుంచారు. అమ్మ ఒక్కొక్కటీ ఆగి చూసింది. రెండోది ఉత్తరాన తంజుంగ్ కరాంగ్ వరి పొలాలు. బెర్నామ్ నది నీళ్లని తెంగి కాలువ ద్వారా మళ్లించి ఏడాదికి రెండు పంటలు తీస్తారు. పక్క జిల్లా సెకించాన్ పేరు మోగిపోయింది, కేఫ్‌లన్నీ అక్కడే. పొలం మాత్రమే కావాలంటే తంజుంగ్ కరాంగ్ చాలు, జనం ఉండరు. వెళ్లేముందు బసవాళ్లని పైరు ఏ దశలో ఉందో అడగండి. కోత అయిపోయి దుక్కికి నీళ్లు పెట్టిన వారాల్లో వెళ్తే పచ్చదనం కనిపించదు. పైరు ఈనిక మీదున్నప్పుడైతే గోదావరి డెల్టా నుంచి వచ్చినవాళ్లకి కూడా ఆగి చూడాలనిపిస్తుంది.