121 ఓటముల సీజన్: చికాగో, ఓక్లండ్, డెట్రాయిట్ మైదానాల్లో ఏది చూడదగ్గది?

2024లో చికాగో వైట్ సాక్స్ 162 ఆటలు ఆడి 41 గెలిచింది, 121 ఓడింది. 1900 తర్వాత అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో ఇన్ని ఓటములు ఇంకే జట్టుకూ లేవు. అంతకుముందు ఆ రికార్డు 1962 నాటి న్యూయార్క్ మెట్స్‌ది, 120. గెలుపు కోసం టికెట్ కొనేవాళ్లకి అది చేదు సంవత్సరమే. కానీ ఆటని దగ్గర కూర్చుని చూసి నేర్చుకుందాం అనుకునేవాళ్లకి అంత అనువైన ఏడాది మళ్లీ దొరకడం కష్టం. ఆ సీజన్ కథ ముఖ్యంగా మూడు ఊళ్లలో నడిచింది: సొంత మైదానం ఉన్న చికాగో, 21 వరుస ఓటములకు తెర పడిన ఓక్లండ్, రికార్డు బద్దలైన డెట్రాయిట్. పెట్టిన డబ్బుకీ పడిన శ్రమకీ ఎక్కువ ఫలితం దక్కేది చికాగోలోనే.

ఆ ఏడాది చికాగో మైదానం పేరు గ్యారంటీడ్ రేట్ ఫీల్డ్, ఇప్పుడు రేట్ ఫీల్డ్. 1991లో కట్టారు, సుమారు 40,600 సీట్లు. 2024లో ఆటకి సగటున 17 వేల మంది వచ్చారు, అంటే సగానికి పైగా ఖాళీ. ఇలాంటప్పుడు టికెట్ నెలల ముందు కొనడం వృథా. వారం మధ్య రోజుల్లో ఆట మొదలయ్యే గంటా రెండు గంటల ముందు రీసేల్ (కొన్నవాళ్లు తిరిగి అమ్మే టికెట్ల) ధరలు బాగా పడిపోతాయి. మొదట కనిపించే ధరని నమ్మి మురిసిపోకండి. ఫీజులు కలిపి చూపించే సెట్టింగ్ పెట్టుకుని పోల్చండి. న్యూయార్క్ యాంకీస్‌తోనో ఊళ్లోనే ఉన్న మరో జట్టు కబ్స్‌తోనో ఆట ఉంటే ఈ లెక్క పనిచేయదు, వాళ్ల అభిమానులే సీట్లు నింపేస్తారు.

సీటు విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దు. 500 నంబర్ల పై అంతస్తు చాలా నిటారుగా ఉంటుంది, ఆటకి దూరం కూడా. పైగా ఆ టికెట్ ఉన్నవాళ్లని కింది 100 నంబర్ల అంతస్తులోకి రానివ్వకపోవడం ఇక్కడ చాలా ఏళ్లపాటు నడిచిన నియమం. మైదానం చుట్టూ ఒక రౌండ్ తిరిగి రావడానికి వీలున్నదీ, పాతతరం వైట్ సాక్స్ ఆటగాళ్లు ఫ్రాంక్ థామస్, మినీ మినోసో, కార్ల్‌టన్ ఫిస్క్ విగ్రహాలున్నదీ, మంచి తిండి దొరికేదీ ఆ కింది అంతస్తులోనే. ఓడిపోతున్న ఏడాదిలో రెండు అంతస్తుల ధరల మధ్య తేడా ఎలాగూ తక్కువ. జనం పలచగా ఉన్న రోజు పైన తిండి కౌంటర్లు కూడా కొన్నే తెరుస్తారు. ఆ కొద్ది డాలర్లూ పెట్టి కిందే కూర్చోండి.

మధ్యాహ్నం ఆటకైతే మొదటి బేస్ వైపు (బ్యాటర్ దగ్గర్నుంచి చూస్తే కుడిపక్క) వెనక వరసలు చూడండి. మైదానం ఆగ్నేయ ముఖంగా ఉంటుంది కాబట్టి ఆ స్టాండు పడమట పడుతుంది, నీడ ముందు అక్కడికే వస్తుంది. ఇదే కారణంగా నగరపు ఎత్తయిన భవనాలు మీ వీపు వెనక ఉండిపోతాయి. వాటి ఫొటో కావాలంటే పైకెక్కే ర్యాంపుల మీద నుంచి తీసుకోవాలి. ఏప్రిల్ ఆటలకి ఇక్కడ చలికోటు లేకుండా మూడు ఇన్నింగ్స్ కూడా కూర్చోలేరు.

తిండిలో ముందు చెప్పాల్సింది ఎలోటేస్. మొక్కజొన్న గింజల్లో వెన్న, మేయొనేజ్, చీజ్, కారం, నిమ్మరసం కలిపి కప్పులో ఇస్తారు. మాంసం తిననివాళ్లకి ఇక్కడ దొరికేవాటిలో ఇదే మేలు. గుడ్డు కూడా తినకపోతే మేయొనేజ్ వద్దని ముందే చెప్పాలి. లోపల నగదు చెల్లదు, కార్డు ఉండాల్సిందే.

చేరడం సులువు. డౌన్‌టౌన్‌లో జాక్సన్ స్టేషన్ దగ్గర రెడ్ లైన్ రైలు ఎక్కితే నాలుగో స్టాపు సాక్స్-35త్. ఆ ఏడాది రైలు చార్జీ 2.50 డాలర్లు, రోజంతా తిరిగే పాసు 5 డాలర్లు. ఓహేర్ విమానాశ్రయంలో బ్లూ లైన్ ఎక్కితే మాత్రం ఒక్క ప్రయాణానికే 5 డాలర్లు, అందుకే దిగిన రోజే పాసు తీసుకోవడం లాభం. శివారు నేపర్‌విల్ వైపు చుట్టాలింట్లో దిగేవాళ్లు మెట్రా (శివార్ల రైళ్లు) బీఎన్‌ఎస్‌ఎఫ్ లైన్లో యూనియన్ స్టేషన్‌కి వచ్చి, సుమారు కిలోమీటరు తూర్పుకి నడిస్తే జాక్సన్ రెడ్ లైన్ వస్తుంది. చిక్కు తిరుగు ప్రయాణంలోనే. రాత్రి మెట్రా రైళ్ల మధ్య ఎడం ఎక్కువ. 2023లో పిచ్ క్లాక్ (బంతి వేసే పిచ్చర్‌కి సెకన్ల గడువు) వచ్చాక ఆటలు తొందరగా, 2024లో సగటున రెండు గంటల 36 నిమిషాల్లో, అయిపోతున్నాయి కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు. అదనపు ఇన్నింగ్స్‌లోకి వెళితే మాత్రం రైలా, ఆటా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఆట చివరిదాకా ఉంటే జనంతో పాటే ప్లాట్‌ఫారం చేరండి. ఓడే జట్టుకి ఏడో ఇన్నింగ్స్ నుంచే జనం జారుకుంటారు, ఆలస్యం చేస్తే స్టేషన్లో మీరొక్కరే మిగులుతారు.

బస మైదానం పక్కన వెతకొద్దు. అక్కడ ఉన్నవి పార్కింగ్ స్థలాలు, ఎక్స్‌ప్రెస్‌వే, ఇళ్లు. మా ఓటు మెకార్మిక్ ప్లేస్ కన్వెన్షన్ సెంటర్ దగ్గరి హోటళ్లకి. అక్కడ గ్రీన్ లైన్ ఎక్కితే తర్వాతి స్టాపే 35త్-బ్రాంజ్‌విల్-ఐఐటీ, దిగి పడమరగా పదిహేను నిమిషాల లోపు నడక. అయితే పక్క కన్వెన్షన్ సెంటర్లో పెద్ద సదస్సు ఉన్న వారం అవే గదుల ధర ఎక్కడికో వెళ్లిపోతుంది, తేదీలు ముందే సరిచూసుకోవాలి. గది అద్దె మీద పన్ను 2024లో 17.4 శాతం, బుక్ చేసేటప్పుడే పన్ను కలిపి లెక్కేసుకోండి. డౌన్‌టౌన్ హోటళ్లలో కారు పెట్టుకోవడానికి విడిగా బాదుతారు. కారు లేకుండా రావడమే ఉత్తమం.

ఆటకి గంటన్నర ముందొస్తే రెండు చూడొచ్చు. 1910 నుంచి 1990 దాకా ఆడిన పాత మైదానం కమిస్కీ పార్క్ హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) ఉన్నచోట, 35వ వీధికి ఉత్తరాన పార్కింగ్ స్థలంలో పాలరాతి ఫలకం ఉంది. ఎక్స్‌ప్రెస్‌వే అవతల ఇల్లినాయ్ టెక్ క్యాంపస్‌లో ఆధునిక వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో కట్టిన క్రౌన్ హాల్ ఉంది. అక్కడ చదువుకునే మన పిల్లలకి ఈ మైదానం నడిచివెళ్లే దూరమే.

ఇక ఆట. 162 ఆటల్లో ఈ జట్టు చేసిన పరుగులు 507, ఇచ్చినవి 813. ఆటకి మూడు పరుగుల పైచిలుకు మాత్రమే చేసే జట్టులో ఎంత మంచి పిచ్చరున్నా లాభం లేదు. సీజన్ మొదలవకముందే పిచ్చర్ డిలన్ సీస్‌ని శాన్ డియేగో జట్టుకి ఇచ్చేశారు. ఏప్రిల్‌లోనే ముఖ్యమైన బ్యాటర్లు లూయిస్ రాబర్ట్, యోవాన్ మొంకాడా గాయపడ్డారు, మొదటి 25 ఆటల్లో 22 పోయాయి. మిగిలిన ఒక్క కళ పిచ్చర్ గారెట్ క్రోషే: 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకవుట్ (తన బంతులతోనే అవుట్) చేశాడు. ఇలాంటి పిచ్చర్ కోసం వెళ్లేవాళ్లు మొదటి బంతికే సీట్లో ఉండాలి. చేయి అలిసిపోకుండా సీజన్ రెండో సగంలో అతన్ని నాలుగు ఇన్నింగ్స్‌కి మించి వేయనివ్వలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఏమీ చూడలేదన్నమాట. ఏ రోజు ఏ పిచ్చర్ ఆట మొదలుపెడతాడో రెండు మూడు రోజుల ముందే ప్రకటిస్తారు.

రికార్డు కోసం టికెట్ కొనడం మాత్రం జూదం. సెప్టెంబరు 22న శాన్ డియేగోలో 120వ ఓటమి అయ్యాక, సొంతగడ్డ మీద లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌తో మూడు ఆటలు మిగిలాయి. 121వది చూద్దామని వచ్చినవాళ్ల ముందు జట్టు మూడూ గెలిచింది. ‘జట్టుని అమ్మేయ్’ అని యజమాని జెర్రీ రైన్స్‌డార్ఫ్ మీద జనం కేకలు వేసిన గ్యాలరీలే గెలుపుకి చప్పట్లూ కొట్టాయి. సీజన్ మొత్తంలో అంత నిజమైన వాతావరణం ఇంకెక్కడా లేదని మా అభిప్రాయం.

ఓక్లండ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆగస్టు 6న 5-1తో గెలిచి వరుస ఓటములకు అక్కడే అడ్డుకట్ట వేశారు. ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో నేరుగా కొలీసియం స్టేషన్, అక్కణ్నుంచి వంతెన మీద నడక: ప్రయాణానికి మూడిట్లో ఇదే హాయి. మైదానం మాత్రం పాత కాంక్రీటు. ఫౌల్ గీతల (ఆట హద్దుల) బయట ఖాళీ స్థలం మరీ ఎక్కువ కావడంతో మొదటి వరసలో కూర్చున్నా ఆట దూరమే. అక్కడి సొంత జట్టు ఏథ్లెటిక్స్ ఆ సీజన్‌తోనే ఓక్లండ్ వదిలేసింది, ఇప్పుడు పశ్చిమ శాక్రమెంటోలో ఆడుతోంది.

డెట్రాయిట్‌లో సెప్టెంబరు 27న 4-1 ఓటమితో 121 పూర్తయ్యాయి. అదే రాత్రి డెట్రాయిట్ జట్టు టైగర్స్ ప్లేఆఫ్స్‌కి (సీజన్ తర్వాతి నాకౌట్ పోటీలకి) చేరడంతో వాళ్ల మైదానం కొమెరికా పార్క్ సంబరాలతో ఊగిపోయింది. ఓడే జట్టు వల్ల టికెట్ చవకవుతుందన్న లెక్క ఎదుటి జట్టు ఊళ్లో పనికిరాదు. 2025లో 119 ఓడిన కొలరాడో రాకీస్ సొంత మైదానం కూర్స్ ఫీల్డ్‌లోనూ అంతే, అక్కడ జనం ఆట ఎలా ఉన్నా వస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లకి కొమెరికా పార్కే మిన్న, లోపల రంగులరాట్నం, జెయింట్ వీల్ ఉన్నాయి. చికాగో నుంచి కారులో సుమారు 280 మైళ్లు. టైమ్ జోన్ మారి ఒక గంట పోతుందని మరవకండి. ఆమ్‌ట్రాక్ వుల్వరీన్ రైలు ఐదున్నర గంటలు, ఆలస్యాలు మామూలే, కనుక సాయంత్రం ఆటకి ఉదయపు రైలే పట్టుకోవాలి. స్టేషన్ నుంచి క్యూలైన్ ట్రాము ఉచితం.

ఏ ఊళ్లోనైనా వర్తించే జాగ్రత్త వాన గురించి. ఆట వాయిదా పడితే డబ్బు తిరిగి రావడం కంటే టికెట్ కొత్త తేదీకి మారడమే ఎక్కువ. దూరం నుంచి వచ్చేవాళ్లు సిరీస్‌లో మొదటి ఆటకే కొనుక్కోవాలి. అది ఆగిపోతే మర్నాడే డబుల్‌హెడర్‌గా (ఒకే రోజు రెండు ఆటలు) పెట్టే అవకాశం ఎక్కువ. చివరి ఆటకి కొంటే, అది మళ్లీ జరిగేసరికి మీరు డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు.