‘ఇన్ని గొర్రెలు మేస్తాయి’ అన్న ఆ ఒక్క లైన్: ఏజెంట్ ద్వారా పొలం కొన్నాక

పొలాలు అమ్మిపెట్టే ఏజెంట్ ద్వారా, గొర్రెలు మేపుతూ పంట కూడా వేసే పొలం ఒకటి అక్కా బావా నేనూ కలిసి కొని కొన్నేళ్ళయింది. వానలు బాగా పడ్డ ఏడాదీ చూశాం, ముఖం చాటేసిన ఏడాదీ చూశాం. ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుందనిపించింది. రిజిస్ట్రేషన్, లోన్, లాయర్ సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్ళను. నేను రాయాలనుకున్నది అమ్మకపు కాగితంలోని ఒకే ఒక్క లైన్ గురించి. ‘ఈ పొలంలో ఏడాది పొడుగునా ఇన్ని గొర్రెలు మేస్తాయి’ అని రాసి ఉంటుంది చూడండి, ఆ లైన్. దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

ఏజెంట్‌ను మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. ఓపిక ఉన్న మనిషి. జీపులో కూర్చోబెట్టి నాలుగు మూలలూ చూపించి పంపేసే రకం కాదు, హద్దుల వెంట మొత్తం నడిపించాడు. వాగు పక్కన కంచె అసలు హద్దు మీద లేదని తనే చెప్పాడు. వరద వచ్చినప్పుడల్లా కొట్టుకుపోతోందని కంచెను గట్టు పైకి జరిపి వేసుకున్నారట. దాంతో మన ముక్క కొంత అవతల ఉండిపోయింది, పక్కవాళ్ళ ముక్క కొంత మన కంచె లోపలికి వచ్చింది. సర్వేయర్‌ను పెట్టి కొలిపిస్తే ఆయన చెప్పినట్టే తేలింది. చాలామంది ఏజెంట్లు ఇలాంటివి కొన్నవాళ్ళే తెలుసుకోనీ అని వదిలేస్తారు.

ఇంకొకటి. దొడ్డి వెనకాల పిచ్చిమొక్కల్లో ఒక పాత సిమెంటు తొట్టి ఉంది. దాని దగ్గర ఆగి, ‘ఇక్కడ మట్టి పరీక్ష చేయించకుండా ఏమీ పండించకండి సార్, పిల్లల్ని కూడా రానివ్వకండి’ అన్నాడు. ఒకప్పుడు గొర్రెలకు పేలు, గజ్జి పోవడానికి మందు నీళ్ళలో ముంచి తీసేవారు, ఆ మందులో ఆర్సెనిక్ ఉండేది. 1852లో ఇంగ్లాండ్‌లో విలియం కూపర్ అనే పశువైద్యుడు ఆర్సెనిక్, గంధకం కలిపి తయారు చేసిన పొడి చాలా దేశాలకు పాకింది. ఆర్సెనిక్ మూలకం, కుళ్ళిపోయి మాయమయ్యేది కాదు. మంద తొట్టిలోంచి తడిసి బయటికొచ్చి ఒళ్ళు దులుపుకుని నిలబడే చోట, దశాబ్దాలు గడిచినా అది మట్టిలోనే ఉంటుంది. పరీక్ష చేయిస్తే మా దగ్గరా ఉన్నట్టే తేలింది. ఆ చోటికి విడిగా కంచె కట్టేశాం. ఆ రోజు మాకు ఏజెంట్ మీద ఎంత గురి కుదిరిందంటే, ఆ తర్వాత చెప్పిన ప్రతి మాటా అదే గురితో విన్నాం.

ఇక ఆ అంకె దగ్గరికొస్తాను.

అసలు ‘ఇన్ని గొర్రెలు’ అంటే ఏ గొర్రెలు? ఆస్ట్రేలియాలో దీనికో కొలత పెట్టుకున్నారు. సుమారు 50 కిలోల బరువుండి, చూడి లేకుండా, పాలివ్వకుండా ఉన్న గొర్రె తన బరువు తగ్గకుండా ఉండటానికి కావాల్సిన మేత ఎంతో, దాన్ని ఒకటిగా లెక్కేస్తారు. పిల్లకు పాలిస్తున్న తల్లి గొర్రెకు ఆ లెక్కన రెండింతలకు పైనే కావాలి. అంటే ఒకే పొలానికి ఒట్టి గొర్రెలైతే ఒక అంకె, ఈనిన గొర్రెలైతే అందులో సగం కూడా రాకపోవచ్చు. మా కాగితంలో ఏ గొర్రెలో రాయలేదు. అందుకే నేరుగా అడిగాను.

‘ఇది చూడి గొర్రెల్ని కలుపుకున్న లెక్కేనా అండీ?’

‘మంద మొత్తం సార్. మీరే చూశారు కదా. ఆయన ఎన్నో ఏళ్ళుగా అంతే మేపుతున్నాడు.’

‘బయటి నుంచి మేత కొంటారా?’

‘ఒక్క గడ్డిమోపు కొనరు సార్.’

ఈ రెండు జవాబుల్లో అబద్ధం లేదు. మంద అంతే ఉంది, మేత కొన్నదీ లేదు. మేం మందతో సహా పొలం తీసుకున్నాం, పాత కాపరి కూడా మా దగ్గరే ఉండిపోయాడు. దారులు, నీళ్ళ చోట్లు తెలిసిన మంద కాబట్టి మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. కొత్త చోటికి తెచ్చిన గొర్రెలు కుదురుకోవడానికి పడే అవస్థ మాకు తప్పింది. ఆ ఒక్క విషయంలో ఇలా కొనడం చాలా మేలని ఇప్పటికీ అంటాను.

పంట కోతలయ్యాయి. పంట నిలబడి ఉన్నన్నాళ్ళూ మంద బీడు మీదే ఉండాలి, కోతలయ్యాకే చేలల్లోకి దిగుతుంది. గొర్రెలూ పంటా కలిసిన పొలంలో మేత లెక్కంతా ఈ కోసిన చేల మీదే ఆధారపడి ఉంటుంది. కాపరి అలవాటు కొద్దీ మందను మా చేను దాటించి పక్క పొలం గేటు దగ్గరికి తోలుకెళ్ళాడు. గేటుకు తాళం వేసి ఉంది. ఆయన దారి తప్పాడేమో అనుకున్నాను. ‘ఏటా ఇక్కడే కదయ్యా మేపేది’ అన్నాడు. కోతల తర్వాత మొదట మంద మేసేది పక్కవాళ్ళ రెండు చేలల్లోనేనట. రాత్రిళ్ళు అక్కడే మంద కట్టేవారట, ఎరువు వాళ్ళకి, మేత వీళ్ళకి. అది అయిపోయాకే సొంత చేలల్లోకి తెచ్చేవారు. అలా ఏడాదిలో మూడు నెలల మేత మాది కాని నేలలోంచి వచ్చేది.

పక్క పొలం పెద్దాయన మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మాట్లాడాడు. ‘అది పాత యజమానికీ నాకూ ఉన్న మాట బాబూ. పొలంతో పాటు అమ్ముడుపోయేది కాదు’ అన్నాడు. పైగా ఆయన ఆ ఏడు దున్నకుండా విత్తే పద్ధతికి మారాడు. కొయ్యకాళ్ళు నేల మీద అలాగే ఉంటే తేమ ఆరిపోదు, గాలికి, వానకి మట్టి కొట్టుకుపోదు. గొర్రెలు మేసి తొక్కితే ఆ కప్పు పోతుంది, తడి నేలయితే పైపొర గట్టిపడుతుంది కూడా. ఆయన మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు.

అక్కడి నుంచి కష్టాలు మొదలయ్యాయి. మా సొంత చేలల్లో ఒకదానికి కోతకు కొద్దిగా ముందు కలుపుమందు కొట్టి ఉంది. కొట్టాక ఇన్ని రోజుల దాకా పశువుల్ని మేపకూడదని డబ్బా మీద గడువు రాసి ఉంటుంది, అది దాటేదాకా మందను దింపలేదు. మిగిలిన చేలు మేం అనుకున్న దానికంటే చాలా తొందరగా అయిపోయాయి. కోసిన చేలో గొర్రెలు ముందు రాలిన గింజలు, ఆకులు ఏరుకుని తింటాయి. తర్వాత మిగిలేది ఒట్టి కాడ, దానిలో మాంసకృత్తులు మరీ తక్కువ. చూడ్డానికి చేనంతా నిండుగానే ఉంటుంది, గొర్రె కడుపూ నిండుగానే ఉంటుంది, కానీ నడుము మీద చెయ్యి వేస్తే ఎముక తగులుతుంది. దూరం నుంచి చూసి మేత ఉందనుకోవడం ఎంత మోసమో నాకు అప్పుడే అర్థమైంది.

అదే సమయానికి గొర్రెలు నిండు చూడితో ఉన్నాయి. గొర్రె సుమారు 147 నుంచి 150 రోజులు మోస్తుంది, కడుపులో పిల్ల బరువులో ఎక్కువ భాగం చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. పాత యజమాని ఈత కాలాన్ని పక్కవాళ్ళ చేల మేతను దృష్టిలో పెట్టుకునే కుదుర్చుకున్నాడు. మేం ఆ ఈత కాలాన్ని తీసుకున్నాం, ఆ మేత మాత్రం మాకు రాలేదు. కవల పిల్లలున్న గొర్రెలు ఒక్కొక్కటే మందకు దూరంగా నిలబడటం మొదలెట్టాయి. దాణా పెడితే మూతి తిప్పుకున్నాయి. ఒకటైతే తల కంచెకు ఆనించి, కళ్ళు కనపడనట్టు అలాగే ఉండిపోయింది. పశువైద్యుడు వచ్చి చూసి, రక్తంలో చక్కెర పడిపోయిందని, ఒంట్లో కొవ్వు కరిగి దాని విషం ఎక్కుతోందని చెప్పాడు. మందులిస్తే కొన్ని తేరుకున్నాయి, కొన్ని పోయాయి. అక్క వాటికి రాత్రీ పగలూ సేవ చేసింది. ఆ టెన్షన్‌లో ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

మేత కొన్నాం. వాన లేని ఏడాది అందరూ కొనేవాళ్ళే, ధర ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మందలో కొంత అమ్మేశాం, అదీ అందరూ అమ్ముతున్న రోజుల్లోనే.

ఇదంతా అయ్యాక బావ పాత అమ్మకపు కాగితం తీసి చూస్తూ, ‘ఈ ఫొటో చూడు’ అన్నాడు. మంద హాయిగా మేస్తున్న పెద్ద ఫొటో, అంకె ఉన్న లైన్ పక్కనే అచ్చేశారు. ఫొటోలో వెనక కనబడుతున్న నీళ్ళ ట్యాంకు పక్కవాళ్ళది. ఆ చేనూ వాళ్ళదే. కాపరిని అడిగితే, ఏజెంటే ఆ గేటు తీసుకుని లోపలికొచ్చి ఫొటోలు తీసుకున్నాడని చెప్పాడు. అంటే తెలుసు. నేను అడిగినప్పుడూ తెలుసు. హద్దు దగ్గర అన్ని గజాలు ఇటా అటా అని అంత శ్రద్ధగా చెప్పిన మనిషి, మూడు నెలల మేత గురించి నోరు విప్పలేదు. నా కోపమంతా అక్కడే.

ఫోన్ చేస్తే, ‘నేను చెప్పిందాంట్లో తప్పేముంది సార్?’ అన్నాడు. కమిషన్ ఇచ్చింది అమ్మినవాళ్ళు, ఆయన పని చేసిందీ వాళ్ళ కోసమే, అది మాకూ తెలుసు. కానీ అడిగిన ప్రశ్నకు సగం జవాబు చెప్పడం ఆ పనిలో భాగం కాదనే నా అభిప్రాయం.

ఒకటి మాత్రం చెప్పాలి. కబురు పెడితే వచ్చాడు. పక్క పొలం పెద్దాయన దగ్గర మాతో పాటు కూర్చుని, రెండు చేలల్లో ఒకదాన్ని కోతల తర్వాత కొద్ది వారాల పాటు మాకు ఇచ్చేలా మాట్లాడిపెట్టాడు. కప్పు పూర్తిగా పోకముందే మందను తీసేయాలని షరతు. ఈసారి అది కాగితం మీద రాసుకున్నాం. ఏజెంట్ ఆ పనికి డబ్బు అడగలేదు.

పైన పాత తొట్టి సంగతి మెచ్చుకుంటూ రాశాను. ఆ హెచ్చరిక మాకు పనికొచ్చిన మాట నిజమే. అయితే మాకంటే ముందు ఈ పొలం చూసి వెళ్ళినవాళ్ళు అక్కడి మట్టి పరీక్ష చేయించారని తర్వాత తెలిసింది. కాబట్టి అది ఎలాగూ బయటపడేదే. బోరు నీళ్ళ విషయమూ అంతే. ‘గొర్రెలు బాగా తాగుతున్నాయి సార్’ అన్నాడు. తాగుతాయి, లీటరుకు 5000 మిల్లీగ్రాముల దాకా ఉప్పు కరిగి ఉన్నా గొర్రెలు తట్టుకుంటాయి. అందులో సగం లేకపోయినా చాలా పంటలకు ఆ నీళ్ళు పనికిరావు. మేం పెట్టే కొద్దిపాటి పచ్చిమేతకు పక్క బోరు సరిపోతోంది కాబట్టి దాన్ని పెద్ద గొడవ చేయలేదు. నీళ్ళు కట్టి పంట పండించాలని కొనేవాళ్ళయితే గొర్రెలు తాగడం చూసి ఊరుకోకుండా నీళ్ళు ల్యాబ్‌కు పంపించండి.

కాగితంలో ఉన్న అంకెలో మూడింట రెండొంతుల మందే ఇప్పుడు మా దగ్గర ఉంది. గొర్రె రోజుకు ఒంటి బరువులో 2 నుంచి 4 శాతం దాకా ఎండు మేత లెక్కన (తేమ తీసేసిన బరువు) తింటుంది, ఈనినప్పుడు పైఅంకె. దాన్ని పట్టుకుని నెలనెలకూ మా సొంత నేల మీద ఎంత మేత ఉంటుందో కట్టుకుంటే వచ్చిన లెక్క అది. ఈత కాలాన్ని కూడా జరిపాం. ఇప్పుడు మంద బాగుంది, నేలా బాగుంది. ఈ పొలం అంటే మాకు ప్రాణం, అమ్మే ఆలోచన లేదు.

ఆ ఏజెంట్ దగ్గర కొనొచ్చా అని అడిగితే, ఒట్టి పంట పొలమైతే నేను మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్తాను. హద్దుల విషయంలో ఆయనంత నిఖార్సయిన మనిషిని నేను చూడలేదు. మందతో కొనేటప్పుడు మాత్రం ఏ నెలలో మంద ఏ చేలో ఉందో, ఆ చేను ఎవరిదో, పన్నెండు నెలలకూ రాయించి అమ్మేవాళ్ళ చేత సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్స్ ఇస్తాను. ఆ రాసేటప్పుడు కాపరి కూడా పక్కన ఉండాలి. మాకు ఇంట్లో ముగ్గురు పనిచేసే మనుషులం ఉన్నాం, చేతిలో కొంత డబ్బూ ఉంది, అందుకే ఆ ఏడాది గట్టెక్కాం. అప్పు మీదే మొత్తం కొని, కాగితంలోని అంకెను నమ్మి వాయిదాలు లెక్కేసుకున్నవాళ్ళకు నా సలహా ఇంత మెత్తగా ఉండదు. బావ అయితే ఒట్టి పంట పొలమైనా ఆయన దగ్గర వద్దంటాడు, ఆ విషయంలో మా ఇద్దరికీ ఇంకా పొసగలేదు.