గొడవ ముదిరితే ఏది మేలు: జిల్లా పోలీసా, బెటాలియనా?

కోనసీమలో ఎక్కడ కాస్త టెన్షన్ మొదలైనా నన్ను అడిగే ప్రశ్న ఇదే. గుంపు అదుపు తప్పితే పనికొచ్చేది మన స్టేషన్ పోలీసులా, బయటి నుంచి దిగే బెటాలియనా? 2027 పుష్కరాల మాట మొదలయ్యాక మరీ ఎక్కువగా అడుగుతున్నారు. పుష్కరాల సంగతి వేరు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర 27 మంది చనిపోయింది తొక్కిసలాటలో. అక్కడికి ఎవరూ ఎవరి మీదా కోపంతో రాలేదు. భక్తుల రద్దీని నడిపించడానికి కావాల్సిన తర్ఫీదు ఒకటి, చేతిలో రాళ్లున్న గుంపును ఆపడానికి కావాల్సింది ఇంకొకటి. నేను రాస్తున్నది రెండోదాని గురించి.

ముందు బెటాలియన్. ఏపీఎస్పీ, అంటే ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్, మూడో బెటాలియన్ కాకినాడలోనే ఉంది. వాళ్లకు కేసు డైరీలు, సమన్లు, పాస్‌పోర్ట్ ఎంక్వైరీల గోల ఉండదు. కలిసి డ్రిల్ చేసినవాళ్లే కలిసి బస్సు దిగుతారు. రాయి వచ్చి షీల్డుకు తగిలినా పక్కవాడు కదలడని ఒకరి మీద ఒకరికి నమ్మకం. పైకి ఎవరూ అనని లాభం ఇంకోటుంది, నా లెక్కలో అదే పెద్దది: ఆ ఊళ్లో వాళ్లకు చుట్టాలుండరు. స్థానిక కానిస్టేబుల్‌కు ఎదురుగా నిలబడ్డవాడు బావమరిది కావచ్చు, పిల్లల స్కూల్ ఆటో నడిపేవాడు కావచ్చు. లాఠీ ఎత్తితే ‘మనవాడై ఉండి కొట్టాడు’ అంటారు, ఎత్తకపోతే ‘వాళ్లవాడు కాబట్టి వదిలేశాడు’ అంటారు. బెటాలియన్‌కు ఆ తలనొప్పి లేదు.

ఇంత ఉన్నా నా మొగ్గు జిల్లా పోలీసు వైపే. దానికి మొదటి కారణం మన గోదారి. గోదారి పాయలు గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఇరుక్కున్న నేల ఇది. కాకినాడ నుంచి వచ్చే బస్సు యానాం దాటి ఎదుర్లంక వారధి ఎక్కాలి. రాజమండ్రి వైపు నుంచైతే రావులపాలెం, పాలకొల్లు వైపు నుంచైతే చించినాడ వంతెన. కాకినాడ నుంచి అమలాపురానికి 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వంతెన మీద రెండు లారీలు అడ్డం పెడితే చాలు, బలగం అవతలి గట్టున ఆగిపోతుంది.

2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. అప్పటికి 144 సెక్షన్ అమల్లో ఉంది. కోనసీమ జిల్లా ఏర్పడింది ఆ ఏడాది ఏప్రిల్ 4న, అంటే జిల్లా పోలీసు యంత్రాంగానికి ఇంకా రెండు నెలలు కూడా నిండలేదు. సాయంత్రానికి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు కాలిపోయాయి, పోలీసులకూ దెబ్బలు తగిలాయి. చుట్టుపక్కల జిల్లాల నుంచి బలగాలు దిగాక ఊరు సద్దుమణిగింది. బెటాలియన్‌ను తక్కువ చేయడం లేదు, మర్నాడు గొడవ మళ్లీ రాజుకోకుండా చూసేది వాళ్లే. కాకపోతే ఇళ్లు తగలబడేది మొదటి గంటా రెండు గంటల్లో. ఆ టైములో గడియార స్తంభం సెంటర్లో ఉండేది స్థానిక ఎస్సై, సీఐ, ఆ దగ్గర్లో ఉన్న పాతిక మంది. గుంపును ఎర్ర వంతెన వైపు మళ్లించాలా, చెదరగొట్టాలా, దారి ఇచ్చేయాలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి.

తేల్చుకునే అధికారం చట్టం ఇచ్చిందా అంటే, ఇచ్చింది. క్రిమినల్ కేసుల విధానం చెప్పే ఇప్పటి చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 148, పాత సీఆర్‌పీసీలో 129. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ కానీ, స్టేషన్ ఇన్‌చార్జి కానీ, ఆయన లేకపోతే ఎస్సై స్థాయికి తగ్గని అధికారి కానీ చట్టవిరుద్ధంగా గుమికూడినవాళ్లను వెళ్లిపొమ్మని ఆదేశించవచ్చు, కదలకపోతే బలం వాడవచ్చు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా ఎస్సై సీఐకి ఫోన్ చేస్తాడు, సీఐ డీఎస్పీకి, ఆయన ఎస్పీకి. ‘పైనుంచి ఆర్డర్ రాలేదు’ అనే మాట పుట్టేది ఇక్కడే. రేపు ఎంక్వైరీ వస్తే ఇరుక్కునేది తనేనని ఎస్సైకి తెలుసు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను.

మన తర్ఫీదు ఈ భయాన్ని తాకదు. పరేడ్ గ్రౌండ్‌లో చేసే ‘మాబ్ ఆపరేషన్’ డ్రిల్ చూసినవాళ్లకు తెలుస్తుంది. సగం మంది కానిస్టేబుళ్లు ఆందోళనకారుల వేషం వేస్తారు. మైకులో హెచ్చరిక, టియర్ గ్యాస్, లాఠీచార్జి, గాల్లోకి కాల్పులు, చివర్లో గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ మీద మోసుకెళ్లడం. ఫొటోలు బాగా వస్తాయి. ఏది ఎప్పుడు జరుగుతుందో ముందే తెలిసిన డ్రిల్‌లో నిర్ణయం తీసుకునే పని ఎవరికీ ఉండదు.

బ్రిటన్‌లో 1985లో బ్రాడ్‌వాటర్ ఫామ్ అల్లర్లలో ఒక కానిస్టేబుల్‌ను గుంపు చంపేసింది. ఆ తర్వాత లండన్ పోలీసులు నాయకత్వాన్ని మూడు అంచెలు చేసి గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని పేర్లు పెట్టారు. గోల్డ్ మొత్తం వ్యూహం చూస్తాడు. సిల్వర్ దాన్ని ప్లాన్‌గా మారుస్తాడు. బ్రాంజ్ వీధిలో జనంతో ఉండి అమలు చేస్తాడు. అక్కడ పాత్రను బట్టి బాధ్యత, భుజం మీద నక్షత్రాలను బట్టి కాదు. మన దగ్గర ఎస్పీ స్వయంగా ముందు వరసలోకి వస్తే ధైర్యవంతుడని మెచ్చుకుంటాం. ఆయన ఒక సందులో చిక్కుకుంటే మిగతా ఊరిని చూసేదెవరు?

కాబట్టి డబ్బూ టైమూ ఉంటే నేను ఎస్సై, సీఐల మీదే పెడతాను. టౌన్ మ్యాపు ముందేసి, వైర్‌లెస్‌లో ఒకదాని వెనక ఒకటి తప్పుడు కబుర్లు వదిలి, పది నిమిషాల్లో ఏం చేస్తారో చెప్పమనాలి. వాళ్లకు తోడు జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్, అంటే జిల్లా పోలీసుల సొంత సాయుధ దళం, ఉండాలి: బెటాలియన్‌లా డ్రిల్ తెలిసినవాళ్లు, పైగా వంతెన దాటాల్సిన పని లేదు.

ఆర్‌ఏఎఫ్ (ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్) గురించి కూడా అడుగుతారు. 1992లో సీఆర్‌పీఎఫ్ కింద పెట్టిన దళం, ఇలాంటి పనికే పుట్టింది. మనకు దగ్గర్లో ఉన్నది హైదరాబాద్‌లోని 99వ బెటాలియన్. దగ్గరంటే అదీ దగ్గర! డ్రోన్ల సంగతీ అడుగుతారు: అవి గొడవయ్యాక కేసులు పెట్టడానికి బాగా పనికొస్తాయి. ఇక ఇంటర్నెట్ ఆపేసినా పుకార్లు నోటిమాటగా తిరుగుతాయి.

ఒక్క సందర్భంలో మాత్రం నా ఓటు మారుతుంది. రెండు కులాల మధ్య గొడవై, అందులో ఒక పక్షం స్థానిక పోలీసును అసలు నమ్మని పరిస్థితి ఉంటే, పొద్దున్నే బెటాలియన్‌ను దించేయాలి. అప్పుడు కూడా ప్రతి ప్లటూన్‌కూ దారులు, మనుషులు తెలిసిన స్థానిక అధికారి ఒకరు తోడుండాలి, ఎవరి మాట చెల్లుతుందో బస్సు దిగకముందే రాసి ఇవ్వాలి.