ఒంగోల్లో థీసిస్ గ్రాఫులు గీయించుకునేవాళ్లు జాగ్రత్త, చుక్క రంగు ఒకటి, పక్కన పేరు ఇంకొకటి

"కలర్స్ అడిగారు, కలర్స్ ఇచ్చాం మేడమ్. ఏ కలర్ ఎవరిదో చూసుకోవాల్సింది మీరు."

నిన్న సాయంత్రం ఫోన్లో నాతో అన్నమాట ఇది. 6,500 తీసుకున్న మనిషి అన్నమాట. రాత్రంతా నిద్ర పట్టలా. ఇంకా కోపంలోనే టైప్ చేస్తన్నా, అక్షరాలు తప్పులు పోతే సర్దుకొని చదువుకోండి.

ఎవరి గురించో మన పక్క పీహెచ్‌డీలు, ఎమ్మెస్సీ ప్రాజెక్టులు చేసేవాళ్లకి విడిగా చెప్పక్కర్లా. ఒంగోల్లో మేడమీద ఆఫీసు, వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే పోస్టర్ పెడతారు గదా, గ్రాఫులు, డేటా ఎనాలిసిస్, థీసిస్ ఫార్మాటింగ్ అన్నీ రెండ్రోజుల్లో అని, వాళ్లే. పేరు ఇక్కడ రాయట్లా.

మాది కనిగిరి పక్కన పల్లె. మా పక్క నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది, ఫ్లోరైడు. మా అమ్మమ్మ కింద కూర్చొని ఏళ్లయింది, మోకాళ్లు వంగవు. నాతో చదువుకున్నవాళ్లల్లో చానామందికి పళ్ల మీద గార. అందుకే పీహెచ్‌డీ కూడా దీనిమీదే పెట్టుకున్నా, మా చుట్టుపక్కల ఊళ్లల్లో ఏ నీళ్లల్లో ఎంత ఫ్లోరైడు ఉంది, కాల్షియం ఎంత ఉంది, రెండిటికీ లెక్క ఎట్టా కుదురుతుంది అని. 96 శాంపిళ్లు. అన్నీ నేనే స్కూటీ మీద తిరిగి పట్టా, ప్లాస్టిక్ సీసాల్లో, ఫ్లోరైడుకి గాజు సీసా పనికిరాదు కాబట్టి. ముందు మా అమ్మమ్మ వీధి బోరింగులు, తర్వాత బావులు, చివర్న మోటారు బోర్లు, ఎందుకంటే పొలాల్లో మోటార్లు కరెంటు ఇచ్చే టైముకే ఆడతాయి, ఆ టైముకి మనం అక్కడ ఉండాలి. ఎక్సెల్ షీట్లో కూడా అదే వరసలో ఎక్కించా. ఈ వరస గుర్తు పెట్టుకోండి, కొంప ముంచింది ఇదే.

నాకు కావాల్సింది ఒక్క స్కాటర్ ప్లాట్, ఇంకో నాలుగు చిన్న గ్రాఫులు. అడుగున కాల్షియం, నిలువుగా ఫ్లోరైడు, ఒక్కో శాంపిల్ ఒక్కో చుక్క, బోరింగు ఒక రంగు, బావి ఒక రంగు, మోటారు బోరు ఒక రంగు. ఇంతే. ఆర్ అని లెక్కలకీ గ్రాఫులకీ వాడే ప్రోగ్రామింగ్ భాష ఉంది, అది నేర్చుకుందాం నేర్చుకుందాం అని రెండేళ్లుగా అనుకుంటానే ఉన్నా, కాలేజీలో క్లాసులు చెప్పుకుంటా, శాంపిళ్లకి తిరగతా నేర్చుకోలేదు. తప్పు నాది. ఆ గ్రాఫు గీయడం పది లైన్ల పని అని ఇప్పుడు తెలిశాక ఇంకా బాధగా ఉంది.

3,000 అడ్వాన్సు కట్టా. అప్పుడు "అక్కా, మీరు టెన్షన్ పడబాకండి, పబ్లికేషన్ క్వాలిటీ ఇస్తాం" అన్నాడు. మూడోరోజు సాయంత్రం ఫైలు పంపాడు. చూడ్డానికి బాగుంది, నల్ల చుక్కలు, ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు విడివిడిగా గుంపులుగా కనపడతన్నాయి, పక్కన డబ్బాలో ఏ రంగు దేనిదో పేర్లు, లెజెండ్ అంటారు దాన్ని. మిగతా 3,500 అయిదు నిమిషాల్లో కొట్టేశా. ఒక్క చుక్కన్నా సరిచూసుకోకుండా.

ఆ డబ్బా ప్రకారం ఆకుపచ్చవి మోటారు బోర్లు, కింద కుడిపక్క ఉన్నాయి, అంటే ఫ్లోరైడు తక్కువ, కాల్షియం ఎక్కువ. ఎర్రవి బావులంట, నల్లవి బోరింగులంట, అవన్నీ పైన, 1.5 గీత దాటి. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు, అదీ మన దేశంలో తాగునీళ్ల లెక్క.

ఆ ఆదివారం ఊరికి పొయ్యా. పెదనాన్న అరుగు మీద కూర్చొని "ఏం పాపా, మూడేళ్లుగా సీసాలు మోస్తున్నావే, ఏం తేల్చావు" అని అడిగాడు. ఫోన్లో గ్రాఫు చూపించా. సంతోషంగా చూపించా. బోరు నీళ్లు నయం పెదనాన్నా, బావి నీళ్లు తాగొద్దు అని చెప్పా. ఆయన ముప్పై ఏళ్లుగా చేలో బావి నీళ్లే తాగుతాడు, కేను నీళ్లు చప్పగా ఉంటాయని నోట పెట్టడు. నామాట విని బావి మానేసి బోరు నీళ్లు బిందెలకి పట్టించుకున్నాడు. 19 రోజులు తాగాడు.

ఆ బోరు రీడింగ్ నా షీట్లో 3.6. బావిది 0.9.

తర్వాత సెమినార్. స్క్రీన్ మీద ఆ గ్రాఫు పడంగానే పెద్ద సారు ఆపారు. "ఏమ్మా, మన పక్క రాయిలో లోతుకి పోయేకొద్దీ ఫ్లోరైడు పెరగాలి గదా, నీ బోర్లల్లో ఇంత తక్కువ ఎట్టా వచ్చింది?" అని. మంచి ప్రశ్న. అక్కడ నేను ఆగి షీట్ తీసి చూసుకోవాల్సింది. చూసుకోలేదు. పైనుంచి ఎరువులు దిగవు సార్, లోతు నీళ్లు కలుషితం కావు సార్ అని అప్పటికప్పుడు ఒక కారణం అల్లి చెప్పా. చదువుకున్నదే మర్చిపొయ్యా. కాల్షియం ఎక్కువున్న నీళ్లల్లో ఫ్లోరైడు కాల్షియంతో కలిసి కాల్షియం ఫ్లోరైడుగా అడుక్కి దిగిపోద్ది, కాల్షియం తక్కువున్న నీళ్లల్లో, చాలాకాలం రాయిని ఒరుసుకొని ఉన్న లోతు నీళ్లల్లో అది నీళ్లల్లోనే నిలబడిపోద్ది, ఇది నేను పిల్లలకి పాఠం చెప్తా. పాఠం ఒకపక్క, నా గ్రాఫు ఇంకోపక్క ఉంటే నేను గ్రాఫుని నమ్మా, ఎందుకంటే రంగులేసి ఉంది. సారు ఏమీ అనలా, "మళ్లీ చూసుకోమ్మా" అన్నారంతే. ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

ఇంటికొచ్చి ఆ రాత్రి అమ్మమ్మ ఇంటిముందు బోరింగు వెతికా. ఆ రీడింగ్ నాకు నోటికొచ్చు, ఫ్లోరైడు 4.2, నా శాంపిళ్లన్నిట్లో అన్నిటికంటే పైన ఉండే చుక్క. గ్రాఫులో ఉంది, ఎర్రగా. డబ్బాలో ఎరుపు అంటే బావి. మా అమ్మమ్మ ఇంటిముందు బావి ఎప్పుడూ లేదు. ఇంకోటి చూశా, పెదనాన్న బావి, ఆకుపచ్చ, అంటే బోరు అంట. ఇంకో పది చూశా. చుక్కలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి, పేర్లే మూడిటికి మూడూ తారుమారు.

పొద్దున్నే ఫోన్ చేశా. ఎత్తలా. పదకొండుకి చేశా, "మీటింగ్‌లో ఉన్నా" అని మెసేజ్. సాయంత్రం ఎత్తాడు. అన్నా, లెజెండ్ తప్పు పడింది, ఒకసారి చూసి సరిచేసి ఇవ్వండి అని నిమ్మళంగానే అడిగా, నా గొంతులో ఒక్క గట్టిమాట లేదు, ఒట్టు. అప్పుడు అన్నాడు పైన రాసిన మాట. డబ్బు కట్టకముందు అక్కా, కట్టినాక మేడమ్. అది కాదన్నా, రంగుకీ పేరుకీ పొంతన లేకపోతే ఆ గ్రాఫు ఎందుకు పనికొస్తది అంటే, "ఏమ్మా, పీహెచ్‌డీ చేస్తా ఒక గ్రాఫు చదువుకోలేవా? మీ శాంపిళ్లు మీకు తెలియకపోతే మాకేం తెలుసు? రివిజన్‌కి 1,500 అవుద్ది" అన్నాడు. అక్కా పోయి మేడమ్, మేడమ్ పోయి ఏమ్మా. వెనకాల ఎవరో నవ్వతా ఉండారు కూడా. ఆ నవ్వు విన్నాక నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తన్నా. పెదనాన్న సంగతి చెప్పా, ఆ గ్రాఫు చూసి ఒక మనిషి నీళ్లు మార్చుకున్నాడయ్యా అని. "అది మా పని కాదు" అని పెట్టేశాడు.

కాసేపటికి, మా కోడ్ కరెక్టే చూసుకోండి అని స్క్రీన్ ఫోటో ఒకటి పంపాడు. అంతకుముందు కోడ్ కావాలంటే వేరే చార్జి అన్న మనిషి, నన్ను నోరు మూయించడానికి ఊరికే పంపాడు. ఆ ఫోటోలో నా డేటా పేరు ఐరిస్ 2 అని ఉంది. నా నీళ్ల డేటాకి ఐరిస్ అని పేరు. ఆర్ తెలిసినవాళ్లకి అర్థమైపోద్ది, ఐరిస్ అంటే పూల డేటా, 150 పూలు, మూడు రకాలు, రకానికి 50, ఫిషర్ 1936లో వాడినప్పటినుంచి ప్రపంచమంతా దానిమీదే నేర్పిస్తారు. ఆ పాఠం కోడ్‌నే తెచ్చి నా కాలమ్ పేర్లు మార్చి ఇచ్చాడు.

బెంగళూర్లో పనిచేసే మా బాబాయ్ కొడుకుకి ఫోటో పంపితే రెండు నిమిషాల్లో చెప్పాడు తప్పు ఎక్కడుందో. వాడు చెప్పింది చెప్తా, తెలుసుకోండి, ఎవరికైనా రావచ్చు ఇది. ఆర్‌లో గ్రూపు పేర్లని ఫ్యాక్టర్ చేసినప్పుడు, అంటే ఇవి గ్రూపులు అని దానికి చెప్పినప్పుడు, మనం వరస చెప్పకపోతే అదే అక్షరాల వరసలో పెట్టుకొని నంబర్లిస్తుంది. నా షీట్లో పేర్లు ఇంగ్లిష్‌లో బోర్‌వెల్, హ్యాండ్‌పంప్, ఓపెన్‌వెల్. బీ, హెచ్, ఓ. కాబట్టి బోరు 1 నలుపు, బోరింగు 2 ఎరుపు, బావి 3 ఆకుపచ్చ. చుక్కలకి రంగులు ఇట్టానే పడ్డాయి, అక్కడ తప్పు లేదు. ఈ మామూలు ప్లాట్‌లో పక్కన డబ్బా దానంతటది రాదు, మనమే విడిగా లెజెండ్ అని రాసి పెట్టాలి, అక్కడ పేర్లకి లెవెల్స్ అని అడగాల్సినచోట యూనిక్ అని అడిగాడు. లెవెల్స్ అంటే ఆర్ నంబర్లిచ్చుకున్న ఆ అక్షరాల వరస. యూనిక్ అంటే షీట్లో ఏది ముందు కనపడితే అది ముందు. నా షీట్లో ముందు బోరింగులు, తర్వాత బావులు, చివర్న బోర్లు, పైన చెప్పా గదా. అట్టా నలుపు పక్కన బోరింగు, ఎరుపు పక్కన బావి, ఆకుపచ్చ పక్కన బోరు వచ్చి కూర్చున్నాయి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, గ్రాఫు శుభ్రంగా వచ్చేస్తుంది.

ఐరిస్‌లో మటుకు ఇది బయటపడదంట, ఎందుకంటే ఆ డేటాలో పూలు అక్షరాల వరసలోనే ఉంటాయి, సెటోసా, వర్సికలర్, వర్జినికా, కాబట్టి లెవెల్స్ అన్నా యూనిక్ అన్నా ఒకటే జవాబు. అదే కోడ్ పెంగ్విన్ల డేటాకి, అదీ ఐరిస్ లాగా నేర్చుకోడానికి వాడేదే, పెడితే అక్కడే దొరికిపోద్ది, ఆ 344 పక్షుల షీట్లో అడేలీ తర్వాత జెంటూ వస్తాయి, చిన్‌స్ట్రాప్ చివర్న, అక్షరాల వరసలో అయితే చిన్‌స్ట్రాప్ ముందు, కాబట్టి ఆ రెండిటికీ పేర్లు మారిపోతాయి. రాత్రి నేనే ల్యాప్‌టాప్‌లో ఆర్ ఎక్కించుకొని చేసి చూశా, అట్టానే వచ్చింది. అంటే ఆ మేడమీద నుంచి ఇట్టాంటి గ్రాఫులు ఎన్ని థీసిస్‌లల్లోకి పొయ్యాయో, ఎంతమంది నాలాగా లేని కారణాలు అల్లి చెప్పారో. నా గ్రాఫులో నీళ్లు, ఇంకొకళ్లదాంట్లో మందులు ఉండొచ్చు, రొయ్యల గుంటలుండొచ్చు, వరి రకాలుండొచ్చు. వాళ్ల దగ్గర చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే దయచేసి ఇవాళే ఫైలు తీసి చూసుకోండి.

ఎట్టా చూసుకోవాలంటే, మీ చేత్తో మీరు పట్టిన శాంపిల్ ఒక్కో గ్రూపులో ఒకటి, దాని విలువ మీకు కచ్చితంగా తెలిసింది, గ్రాఫులో వెతికి రంగు డబ్బాతో పోల్చండి. కోడ్ చేతికి రాకుండా బ్యాలెన్స్ కట్టబాకండి. మీరే గీసుకుంటే ఆర్‌లోనే గ్రాఫులకి జీజీప్లాట్ అని ప్యాకేజీ ఉంది, దాంట్లో గీసుకోండి, అడుగున ఏది, నిలువుగా ఏది అని చెప్పే ఏఈఎస్ లోపల కలర్‌కి గ్రూపు కాలమ్ ఇస్తే లెజెండ్ అదే కట్టుకుంటుంది, రంగూ పేరూ విడిపోవు. గ్రూపులు 1, 2, 3 అని నంబర్లుగా ఉంటే మటుకు ముందు ఫ్యాక్టర్ చేయండి, లేకపోతే ఒకే రంగు లేతనుంచి ముదురు దాకా వస్తుంది. ఫలానా గ్రూపుకి ఫలానా రంగే కావాలంటే గ్రూపు పేరు రాసి దానికి రంగు కట్టి ఇవ్వండి, ఉత్త రంగులు వరసగా ఇవ్వబాకండి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టబాకండి, ఆ రెండూ విడిగా కనపడనివాళ్లు ఉంటారు, ముఖ్యంగా మగవాళ్లల్లో, చుక్కల ఆకారం కూడా మార్చితే ఇంకా మంచిది.

డబ్బు తిరిగిస్తారని నాకేం ఆశ లేదు. పెదనాన్నకి రాత్రే ఫోన్ చేసి చెప్పా, తప్పు చెప్పా పెదనాన్నా, మళ్లీ బావి నీళ్లే తాగు అని. మూడు వారాలకే ఏమీ కాదు, ఏళ్ల తరబడి తాగితేనే ఎముకలకి పట్టేది, నాకు తెలుసు, అయినా చెప్పేటప్పుడు గొంతు పెగల్లేదు. ఆయన "పోనీలే పాపా, ఈసారన్నా సరిగ్గా చూశావా" అని అడిగాడు. చూశా. 96 చుక్కలూ ఒక్కోటి షీట్‌తో పోల్చుకొని చూశా. ఆదివారం కొత్త గ్రాఫు పెద్ద కాయితం మీద ప్రింటు తీసుకొని పోతన్నా, పేర్లు తెలుగులో రాసి, ఏ చుక్క ఎవరి ఇంటి నీళ్లో కూడా పక్కన రాసి.