వండర్‌లా టికెట్ తక్కువలో కావాలంటే: కూపన్ మేలా, వారం మధ్య రోజు మేలా?

వేసవి సెలవులు దగ్గర పడినా, దసరా సెలవుల తేదీలు వచ్చినా చుట్టాలూ స్నేహితులూ నన్ను అడిగే మాట ఒకటే: "వండర్‌లా టికెట్లు తక్కువలో ఎక్కడ దొరుకుతాయి?" గుంటూరు, వరంగల్, కర్నూలు నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్లు అడుగుతారు. హైదరాబాద్‌లోనే ఉండి, ఔటర్ రింగ్ రోడ్డు మీద రావిర్యాల దగ్గరున్న ఈ రైడ్ల పార్కు దాకా వెళ్లడానికి ఏళ్లుగా వాయిదా వేస్తున్నవాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే, ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి ఏది ఎవరికి మేలో రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది.

అడిగేవాళ్లంతా కూపన్ గురించో, కార్డు ఆఫర్ గురించో అడుగుతారు. నేను మాత్రం ముందు "ఏ రోజు వెళ్దామనుకుంటున్నారు?" అంటాను. నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా పెద్ద తగ్గింపు అక్కడే ఉంది.

వండర్‌లాలో ధర అన్ని రోజులూ ఒకటి కాదు. మామూలు పనిరోజుకి ఒక ధర, శని ఆదివారాలకీ పండగ సెలవులకీ అంతకన్నా ఎక్కువ ధర. ఎంత తేడా అన్నది సీజన్‌ని బట్టి మారుతుంది కాబట్టి, లెక్క తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఆదివారం పెద్దల టికెట్ 1,600, బుధవారం 1,300. పిల్లల టికెట్ దానికి ఐదో వంతు తక్కువ. అమ్మ, నాన్న, ఎత్తు పెరిగిన తొమ్మిదో తరగతి అబ్బాయి, మూడో తరగతి పాప. ఆదివారం నలుగురికీ కలిపి 6,080 అవుతుంది. ఎక్కడో వెతికి 10 శాతం కూపన్ సంపాదించారనుకోండి, 5,472కి దిగుతుంది. అదే కుటుంబం ఏ కూపనూ లేకుండా బుధవారం వెళ్తే 4,940. కూపన్ ఉన్న ఆదివారం కన్నా కూపన్ లేని బుధవారమే 532 రూపాయలు తక్కువ. మీరు వెళ్లే వారంలో అసలు ధరలు పార్కు వెబ్‌సైట్‌లో చూసి ఇదే లెక్క వేసుకోండి. తేడా కొంచెం అటూ ఇటూ అవ్వచ్చు, చూడాల్సిన తీరు మాత్రం ఇదే.

డబ్బు ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. ఆ టికెట్‌తో మీరు కొనేది ఏమిటో చూడండి. ఒకసారి లోపలికి వెళ్తే దాదాపు అన్ని రైడ్లూ అందులోనే ఉంటాయి, ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు. అంటే మీరు కొంటున్నది పొద్దున గేటు తీసినప్పటి నుంచి సాయంత్రం మూసేదాకా ఉన్న ఆ కొన్ని గంటల సమయం. ఆ సమయాన్ని తినేసేది లైను. మే నెల ఆదివారం పెద్ద రోలర్ కోస్టర్ దగ్గర ఎండలో నిలబడి, వంతు వచ్చి, రెండు మూడు నిమిషాల్లో దిగిపోతాం. మళ్లీ ఇంకో లైను. రోజంతా తిరిగినా పిల్లలు అనుకున్న రైడ్లలో సగం మిగిలిపోతాయి. అదే జనం తక్కువున్న పనిరోజైతే దిగిన రైడ్ మళ్లీ వెంటనే ఎక్కుతారు. పిల్లలకి పండగంటే అదే.

ఈ లైను బాధ తప్పించడానికే ఫాస్ట్‌ట్రాక్ అని ఇంకో టికెట్ అమ్ముతారు. మామూలు టికెట్‌కి అది దాదాపు రెట్టింపు. పైన అనుకున్న కుటుంబం ఆదివారం నలుగురికీ ఫాస్ట్‌ట్రాక్ తీసుకుంటే 12,000 దాటుతుంది. బుధవారం ఖాళీగా ఉన్న పార్కులో అంత సుఖమూ మామూలు టికెట్‌కే దొరుకుతుంది. పది శాతం కోసం యాప్‌లన్నీ వెతికి, చివరికి గేటు దగ్గర జనాన్ని చూసి టెన్షన్ పడి ఫాస్ట్‌ట్రాక్ కొనే కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ముందే రోజు మార్చుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది కదా.

అయితే పనిరోజులన్నీ ఖాళీగా ఉండవు. చలికాలంలో, ముఖ్యంగా నవంబరు నుంచి జనవరి దాకా, స్కూళ్లు పిక్నిక్‌లకి వచ్చే కాలం. మంగళవారం కదా అని వెళ్తే పార్కింగ్‌లో వరుసగా స్కూలు బస్సులు కనిపిస్తాయి. వేసవి సెలవుల్లో పనిరోజూ సెలవురోజూ ఒకేలా ఉంటాయి. దసరా, సంక్రాంతి సెలవుల సంగతీ అంతే. నాకు నచ్చేది జూన్ మధ్యలో స్కూళ్లు తెరిచిన తర్వాత నుంచి సెప్టెంబరు దాకా ఉన్న కాలం, అందులో సోమవారం నుంచి గురువారం లోపు. వాన పడొచ్చు. గట్టిగా ఉరిమి మెరిస్తే ఎత్తైన రైడ్లు కాసేపు ఆపుతారు. నీటి రైడ్లలో ఎలాగూ తడుస్తాం కాబట్టి తుంపర లెక్కలోది కాదు. ఆగస్టు 15, వినాయక చవితి, బోనాల సెలవు, వీటి చుట్టూ వచ్చే వరుస సెలవులు మాత్రం క్యాలెండర్ చూసి వదిలేయండి.

ఇక్కడ ఇంకో వైపు కూడా చెప్పాలి. పనిరోజున వెళ్లడం అందరికీ చవక కాదు. సెలవు పెడితే ఆ రోజు జీతం కోసేసే ఉద్యోగం అయితే, ఇద్దరూ అలాంటి ఉద్యోగాల్లోనే ఉంటే, టికెట్‌లో మిగిలింది జీతంలో పోతుంది. షాపు మూసి రావాల్సినవాళ్లకీ అంతే. పిల్లలకి స్కూలు పోతుందన్న బెంగ కూడా న్యాయమైనదే, పరీక్షలు దగ్గరున్నప్పుడు మరీను. అలాంటివాళ్లకి నేను చెప్పేది రెండో దారి: ఆదివారం బదులు మామూలు శనివారం ఎంచుకుని, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనడం.

ముందస్తు బుకింగ్ అన్నిటికన్నా తేలికైన తగ్గింపు. పార్కు సొంత వెబ్‌సైట్‌లో కొన్ని రోజుల ముందు కొంటే ధర తగ్గుతుంది. కుటుంబంలో అందరి టికెట్ల మీదా తగ్గుతుంది, ఏ కార్డూ చూపించక్కర్లేదు. గేటు దగ్గర టికెట్ కౌంటర్ లైను కూడా తప్పుతుంది. కాకపోతే ఆ ధరకి ఇచ్చే టికెట్లు కొన్నే ఉంటాయి, త్వరగా అయిపోతాయి. ఇంకోటి, తేదీ ముడిపడిపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో జ్వరం చెప్పి రాదు. డబ్బు కట్టే ముందు తేదీ మార్చుకునే వీలుందా, ఉంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్న షరతు చదవండి. ఆ వీలు లేని టికెట్ పది శాతం తక్కువకొచ్చినా నేనైతే చిన్నపిల్లలున్నవాళ్లని కొనమనను. చివరి పేజీలో జీఎస్టీ కలిశాక ఎంతవుతుందో చూసి పోల్చుకోవడమూ ముఖ్యం. 2018 జనవరిలో 28 శాతం నుంచి 18కి తగ్గించినా, నలుగురి టికెట్ల మీద ఆ పన్ను చిన్న మొత్తమేమీ కాదు. ఒకచోట పన్ను కలిపిన ధర, ఇంకోచోట కలపని ధర చూసి తక్కువనుకుంటే లెక్క తప్పుతుంది.

కాలేజీ ఐడీ, హాల్ టికెట్ ఆఫర్ల గురించి పిల్లలే ముందు చెప్తారు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసినవాళ్లకి హాల్ టికెట్ చూపిస్తే తగ్గింపు ఇస్తారు, కాలేజీ విద్యార్థులకి ఐడీ మీద ఇస్తారు. నలుగురు స్నేహితులు ఇంటర్ అయిపోయి, కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు సరదాగా వెళ్తుంటే దీన్ని మించింది లేదు. కుటుంబానికి మాత్రం అంత ఉపయోగం ఉండదు. తగ్గేది విద్యార్థి టికెట్ ఒక్కటే. నలుగురిలో ఒకరికి 20 శాతం తగ్గిందనుకున్నా, మొత్తం బిల్లులో అది 5 శాతం. పైగా ఆఫర్లు ఒకదాని మీద ఒకటి కలపనివ్వరు. ఐడీ ధరకి అబ్బాయి టికెట్, ముందస్తు ధరకి మిగతా ముగ్గురివీ విడివిడిగా కొనగలిగితే సరే, లేకపోతే అందరికీ వర్తించే దాన్నే తీసుకోండి. ఐడీ అసలుది దగ్గరుండాలి, ఫోన్‌లో ఫొటో మీద ఆధారపడొద్దు.

పుట్టినరోజు ఆఫర్‌ని మాత్రం తక్కువగా చూడకండి. పుట్టినరోజు దగ్గర్లో వస్తే వాళ్ల టికెట్ ఉచితంగా ఇస్తారు, ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని పుట్టిన తేదీ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. నలుగురిలో ఒకరు ఉచితమంటే బిల్లు దాదాపు పావు వంతు తగ్గినట్టు. కూపన్లేవీ దీని దరిదాపుల్లోకి రావు. పుట్టినరోజు జూలైలోనో ఆగస్టులోనో ఉండి, దాని దగ్గర్లో ఒక పనిరోజు దొరికితే ఇంకేమీ వెతకక్కర్లేదు. పిల్లల పుట్టినరోజే కానక్కర్లేదు, నాన్నదైనా సరే, అమ్మదైనా సరే. ఎంత దగ్గర్లో ఉండాలన్న నిబంధన బుకింగ్ పేజీలో చూసుకోండి. మార్చి 8న మహిళా దినోత్సవానికి ఆడవాళ్లకి ఒక టికెట్ కొంటే ఇంకోటి ఉచితమన్న ఆఫర్లు ఇచ్చిన సంవత్సరాలున్నాయి. అక్కచెల్లెళ్లూ వదినలూ కలిసి వెళ్లడానికి అది మంచి రోజు.

బ్యాంకు కార్డుల ఆఫర్లు, టికెట్ యాప్‌ల క్యాష్‌బ్యాక్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తగ్గింపు ఇంతకు మించకూడదని పరిమితి పెడతారు, నలుగురి బిల్లుకి వచ్చేసరికి అది చిన్నదైపోతుంది. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఒకసారి హెచ్‌ఆర్‌ని అడగండి, కొన్నిచోట్ల ఒప్పందాలుంటాయి. అపార్ట్‌మెంట్‌లో అందరూ కలిసి బస్సు మాట్లాడుకుని వెళ్తుంటే పార్కు వాళ్లకి ఫోన్ చేసి గ్రూప్ ధర అడగండి.

పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే ఉచితం, 140 దాటితే పెద్దల టికెట్. ఇంట్లో గోడకి నిలబెట్టి కొలిచాకే బుక్ చేయండి, గేటు దగ్గర మళ్లీ కొలుస్తారు. పెద్ద రైడ్లకీ ఎత్తు పరిమితి ఉంటుంది. మీ అబ్బాయి కలవరిస్తున్నది ఆ రోలర్ కోస్టర్ కోసమే అయితే, ఇంకా కొద్దిగా ఎత్తు తక్కువున్నాడనుకోండి, వచ్చే ఏడాదికి ఆగడమే మేలు. అంత దూరం తీసుకెళ్లి రైడ్ ముందు నుంచి వెనక్కి పంపితే వాడి మనసు ఎంత చిన్నబోతుందో తెలిసిందే.

అమ్మమ్మనీ తాతయ్యనీ తీసుకెళ్తుంటే నా సలహా మారుతుంది. 60 దాటినవాళ్లకి వండర్‌లాలో తగ్గింపు ఉంది కానీ, ఏ రైడూ ఎక్కకుండా చెట్టు కింద బ్యాగులు కాస్తూ కూర్చోవడానికి అంత డబ్బు ఎందుకు? బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి వాళ్లకి పథ్యం తిండి కూడా కష్టం. అలాంటప్పుడు విజయవాడ హైవే మీదున్న రామోజీ ఫిల్మ్ సిటీ నయం. బస్సులో కూర్చోబెట్టి సెట్లన్నీ తిప్పుతారు, షోలు చూపిస్తారు, పెద్దవాళ్లకీ ఆ రోజు గుర్తుంటుంది. ఆంధ్ర వైపు నుంచి కారులో వచ్చేవాళ్లకి ఊళ్లోకి రాకముందే తగులుతుంది. అక్కడా ముందు ఆన్‌లైన్‌లో చూడండి, భోజనం కలిసిన ప్యాకేజీకీ ఉత్త టికెట్‌కీ తేడా చూసుకోండి.

హిందూపురం, అనంతపురం వాళ్లు హైదరాబాద్ ఆఫర్ కోసం ఆశపడొద్దు. బెంగళూరు దాటాక మైసూరు రోడ్డులో బిడదికి దగ్గర ఉన్న వండర్‌లా మీకు దగ్గర. తిరుపతి, నెల్లూరు వాళ్లకి చెన్నై వండర్‌లా ఉంది. టికెట్‌లో తగ్గేదానికన్నా పెట్రోలుకి అయ్యేదే ఎక్కువ. ఎక్కడికి వెళ్లినా నీటి రైడ్లకి నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్ లాంటివి ఇంటి నుంచే పట్టుకెళ్తే అక్కడ కొనే ఖర్చు తప్పుతుంది.

వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో "సగం ధరకే టికెట్లు" అంటూ తిరిగే మెసేజ్‌లు మాత్రం నమ్మకండి. క్యూఆర్ కోడ్ పంపి ముందు డబ్బు కట్టమంటారు, తర్వాత టికెట్ పేరుతో ఒక ఫొటో వస్తుంది, గేటు దగ్గర అది పనిచేయదు. పార్కు వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి వెళ్లండి, పంపిన లింకు నొక్కొద్దు. ఇప్పటికే కట్టేసి మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.